మరకలు తీయకండి

మా హాలు గోడకు చెమ్మ పట్టి చాలాకాలమైంది. పెచ్చులు ఊడి, మరకలు పాకి, చూసేవాళ్ల ఊహను బట్టి ఏనుగులాగానో మా పెద్దత్తగారిలాగానో కనిపించేది. దాన్ని గీకి రంగు వేయమని మా ఆవిడ రోజూ చెప్పేది. నేను రోజూ ఒప్పుకునేవాణ్ణి. ఒప్పుకోవడంలో నాకెప్పుడూ బద్ధకం లేదు.

ఆ ఆదివారం ఆవిడ ఇక ఊరుకునేలా లేదు. సరిగ్గా అప్పుడే దేవుడు పంపినట్టు మా బావమరిది ఊడిపడ్డాడు. వాడు పాటగాడు. ఇంట్లో అందరూ వాణ్ణి రంకె అంటారు. పాడడం మొదలుపెట్టాక వచ్చిన పేరది.

"బావా, శనివారం సాయంత్రం మా బ్యాండు తొలి కచేరీ. పోస్టరు నువ్వే చెయ్యాలి. గ్రంజ్ స్టైల్లో కావాలి."

"గంజి స్టైలా? అంటే పెళపెళలాడాలా?" అంది మా ఆవిడ.

"గంజి కాదక్కా, గ్రంజ్. మాసిపోయినట్టు, చిరిగిపోయినట్టు, తుప్పు పట్టినట్టు ఉండాలి."

"అయితే మీ బావ ఫొటో వేసుకో, సరిపోతుంది."

నాకు మాత్రం బుర్రలో దీపం వెలిగింది. లేచి గోడకు అడ్డంగా నిలబడ్డాను. "ఇలాంటి మరకలు కొందామన్నా దొరకవు. పోస్టరు తయారయ్యేదాకా ఈ గోడను ఎవరూ ముట్టుకోకూడదు. ఇది కళ!"

"సరేనండీ," అంది ఆవిడ. అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే నేను భయపడాల్సింది.

గోడను ఫొటో తీసి కంప్యూటర్లోకి ఎక్కించాను. రంకె మైకు పట్టుకుని నోరు తెరిచిన ఫొటో మీద దాన్ని ఒక పొరగా పరిచాను. మరకలన్నీ వాడి మొహంలోకి ఇంకిపోయాయి. గీతలకొక పొర, చిరుగులకొక పొర వేశాను. ఒక పెచ్చు సరిగ్గా పైపెదవి మీద కూర్చుని మీసమైంది. దేవుడు వాడికి ఇవ్వని మీసం నేనిచ్చాను.

ఆవిడ వచ్చి చూసింది. "మా తమ్ముడికి బూజు పట్టిందేమిటండీ?"

"ఇదొక కళాకృతి."

"వికృతి. ఇంతకీ కచేరీ ఎన్నింటికి?"

"రాశానుగా, ఆరింటికి."

"ఏదీ?"

నేనూ వెతికాను. ఆరు ఒక మరక వెనక తలదాచుకుంది. దాన్ని బయటికి లాగి, పొరలన్నీ ఒకటిగా కలపకుండా విడివిడిగానే ఉంచి ఫైలును ప్రెస్సుకు పంపించాను.

శుక్రవారం సాయంత్రం పోస్టర్ల కట్టను రంకె మోసుకొచ్చాడు. విప్పి చూసి ఇద్దరం కూలబడ్డాం. మరక మచ్చుకైనా లేదు! కడిగిన ముత్యంలాంటి కాగితం మీద రంకె పళ్లన్నీ బయటపెట్టి నిలబడ్డాడు. పళ్ల డాక్టరు ప్రకటనలా ఉంది.

"బావా, పొద్దున్నే ఇవి గోడలకెక్కాలి! ప్రెస్సు కూడా మూసేశారు!" రంకె గొంతు మొదటిసారి సన్నబడింది.

"దీనికింత గోలెందుకు?" అంది మా ఆవిడ. "మరకలు కంప్యూటర్లో పోతే పోయాయి, అసలు గోడ ఇంట్లోనే ఉందిగా! పోస్టర్లు కింద పరిచి, టీ నీళ్లు చల్లండి. పైనుంచి గోడ గీకితే పొడి రాలి అంటుకుంటుంది."

ఆవిడ తెలివికి మురిసిపోయాను. గీకడానికి కొత్త ఇనుప రేకు కూడా తనే అందించింది. అది ఎప్పుడు కొన్నదో అడగాలని నాకు తోచలేదు.

రంకె పరుస్తున్నాడు, నేను స్టూలెక్కి గీకుతున్నాను. ఆవిడ కుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఆ మూల పెచ్చు భలే ఉంది, వదలకండి. ఈ వరుస ఇంకా మాసినట్టు లేదు, కాస్త కిందికి రండి."

కాస్త కిందికి రాబోయి పూర్తిగా కిందికే వచ్చాను. నా పాదం టీ నీళ్లలో పడి పోస్టర్లోని రంకె నుదుటి మీద అచ్చయింది.

"అద్భుతం బావా! అన్నిటి మీదా తొక్కు!"

తుమ్ముతూ, తొక్కుతూ, మళ్లీ ఎక్కి గీకుతూ పని ముగించాను. పోస్టర్లు నిజంగానే అదిరిపోయాయి. రంకె నన్ను కౌగిలించుకుని, నా ఒంటి మీది సున్నమంతా పూసుకుని వెళ్లిపోయాడు.

నేను ప్రెస్సు ఆయనకు ఫోన్ చేసి విరుచుకుపడ్డాను. "మరకలు ఎందుకు తీశారండీ?"

"అదేంటి సార్! పై పొరలన్నీ తీసెయ్యమని మేడమ్ ఫోన్ చేసి చెప్పారుగా?"

వెనక్కి తిరిగాను. పైనుంచి కిందిదాకా నున్నగా గీకిన గోడ. దాని పక్కనే మా ఆవిడ, కర్రతో డబ్బాలో రంగు కలుపుతోంది.

"నీ సొంత తమ్ముడి కచేరీతో ఆటలాడతావా?" అన్నాను.

"ఆటేముందండీ? వాడికి కావాల్సిన మాసిన పోస్టరు వాడికొచ్చింది. నాకు కావాల్సిన గోడ నాకొచ్చింది."

మరి నాకేమొచ్చిందని అడగబోయాను. ఆవిడ బ్రష్షు నా చేతిలో పెట్టింది.