రేగడిపాలెంలో ముహూర్తం

రాధాకృష్ణమూర్తి గారు పొద్దున్నే టీ తాగుతూ ఆ రోజు పనులు వరసగా అనుకున్నారు. బండికి నీళ్ళు పట్టాలి, తడిబట్టలు ఆరెయ్యాలి, పెరుగు కొనాలి, ఆ తరవాత తీరిగ్గా మార్టూరు మీదుగా ఒంగోలు చేరాలి. అసలు పనిని మాత్రం ఆయన ఈ వరసలో చేర్చలేదు. పట్టించుకోకపోతే ఏ పనైనా దానంతటదే అయిపోతుందని ఆయనకు చిన్నప్పటి నుంచీ ఒక నమ్మకం.

ఫిజిక్సు లెక్చరరుగా రిటైరైన మూర్తి గారు తాడేపల్లిలో ఒక కారవాన్ అద్దెకు తీసుకున్నారు. మంచం, వంటగట్టు, చిన్న స్నానాల గది అన్నీ అందులోనే. భార్యను కన్యాకుమారి దాకా తిప్పి నెల రోజులకు ఇల్లు చేర్చాలని ఆయన కోరిక. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆవిడను ఎక్కడికీ తీసుకెళ్ళలేదన్న బాధ ఆయనకు నిజంగానే ఉంది. బయల్దేరి ఇది మూడో రోజు. ఇంకా వినుకొండ దాటి నాలుగూళ్ళే వచ్చారు. ఆయన బండి నడిపే తీరు అలాంటిది.

"ఏమండీ, ఆ డబ్బా సంగతేం చేశారు?" అన్నారు కనకలక్ష్మి గారు, వంటగట్టు తుడుస్తూ.

కారవాన్‌లో మరుగుదొడ్డి కింద బూడిదరంగు ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఉంటుంది. దానికి చక్రాలు, లాగడానికి పిడి, పక్కన గుండ్రటి నల్లమూత. నిండగానే బయటికి లాగి, ఎక్కడైనా మరుగుదొడ్లో ఒంపి, కడిగి మళ్ళీ లోపల పెట్టాలి. బండి అద్దెకిచ్చినతను ఈ సంగతి చెబుతున్నప్పుడు మూర్తి గారు కిటికీలోంచి కృష్ణ ఒడ్డు చూస్తూ ఊ కొట్టారు.

"చూద్దాంలే కనకం, ఒంగోల్లో..."

"ఒంగోల్లో కాదు, ఇవాళే. నా పొయ్యికీ దానికీ మధ్య అడ్డం ఒక్క కర్టెన్. నిండిందని రాత్రి నుంచి ఎర్ర లైటు వెలుగుతోంది. మా నాన్నగారు చూస్తే ఏమైపోదురు? ఇంట్లో ఉంటే పనికి మాబూబీ వచ్చేది. ఇక్కడ అంట్లు నేనే, బట్టలు నేనే, నీళ్ళు నేనే. మధ్యాన్నం లోపల దాన్ని ఖాళీ చేసి, కడిగి తెస్తే సరి. లేకపోతే నేను వినుకొండ వెళ్ళి ఇంటికి బస్సెక్కుతా. మీ కన్యాకుమారి మీరే చూసుకోండి."

కనకలక్ష్మి గారు ఉత్తినే బెదిరించే మనిషి కాదు. ఒకసారి పెళ్ళిలో మాటొచ్చి, మూర్తి గారి పెదనాన్న కొడుకు గడప తొక్కనన్నారు. ఆయన పోయిన రోజున కూడా వీధి అరుగు మీద కూర్చుని ఏడ్చి వచ్చారు.

"నాకు రాత్రి కన్ను మూతపడలేదు. కాసేపు పడుకుంటా, ఎవర్నీ ఇటు రానివ్వకండి," అని ఆవిడ తలుపేసుకున్నారు. మూర్తి గారు డబ్బాను కిందికి దించారు. అది ఆయన అనుకున్నదానికంటే బరువుంది. లోపల కదులుతోంది కూడా.

పక్కనే ఉన్న పెట్రోలు బంకులో మరుగుదొడ్డికి తాళం వేసి ఉంది. తాళంచెవి ఓనరు దగ్గరుందట, ఓనరు గుంటూరులో ఉన్నాడట. రేగడిపాలెం ఊళ్ళో పంచాయతీ వాళ్ళు కట్టించినవి ఉన్నాయని బంకతను చెప్పాడు. మూర్తి గారు డబ్బాను ఈడ్చుకుంటూ బయల్దేరారు. రోడ్డుకు రెండు పక్కలా కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆ ఘాటుకు ఆయనకు తుమ్ముల మీద తుమ్ములు. ఆ ఘాటులో ఇంకే వాసనా పైకి తెలియకపోవడం ఒక్కటే ఆయనకు దేవుడు చేసిన మేలు. తీరా ఆ మేలే ఆయన కొంప ముంచింది.

పంచాయతీ మరుగుదొడ్లకూ తాళమే. తాళంచెవులు పంచాయతీ బంట్రోతు యేసుపాదం దగ్గర ఉంటాయి, యేసుపాదం కల్లంలో ఉన్నాడు, కల్లం ఎక్కడో ఎవరూ సరిగా చెప్పలేదు. ఆయన అక్కడ నిలబడి చెమటలు తుడుచుకుంటుంటే ఒక ఆటో వచ్చి ఆగింది. నడిపే మనిషి పేరు బాబ్జీ. నలభై దాటినా సినిమా పిచ్చి దాటలేదు. వెనక సీట్లో మిరపకోతకు పోయే ఆడవాళ్ళు నలుగురున్నారు.

"ఏంది సార్, ఎండలో అంత బరువు మీరు లాగతన్నారు? ఆ రోడ్డు మీద కారవాన్ మీదేగా?"

"మాదే బాబూ. నేను యేసుపాదం కోసం..."

"కారవానంటే షూటింగే! ఎవరు సార్ హీరో? అది కెమెరాయేగా?"

నిజం చెప్పడానికి అర నిమిషం చాలు. కానీ నలుగురు ఆడవాళ్ళు కళ్ళింతలు చేసుకుని చూస్తున్నారు. ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పిన నోటికి ఆ ఒక్క మాట రాలేదు. "అబ్బే, అదేం లేదు," అని మాత్రం అన్నారు.

"అర్థమైంది సార్. పైకి చెప్పకూడదు. నా నోట్లోంచి మాట బయటికి రాదు," అని బాబ్జీ ఆడవాళ్ళను దించి, డబ్బాను రెండు చేతులా ఎత్తి సీటు మీద పెట్టాడు. వద్దు వద్దంటున్న మూర్తి గారిని దాని పక్కన కూర్చోబెట్టాడు. ఊరికి వచ్చిన పెద్దమనిషి చేత బరువు మోయించే అలవాటు ఆ ఊళ్ళో లేదు. దారిలో ప్రతి మలుపు దగ్గరా ఆటో ఆపి, "ఎవరికీ చెప్పబాకండి, కెమెరా వచ్చింది," అని చెప్పుకుంటూ పోయాడు.

ఆటో సర్పంచి ఇంటి ముందు ఆగేసరికి వాకిలి నిండిపోయింది. ఆ ఊరి సర్పంచి మల్లేశ్వరి. సంతకాలు ఆవిడవి, కుర్చీ ఆవిడ భర్త రంగయ్యది. రంగయ్య ఎదురొచ్చి మూర్తి గారి చేతులు రెండూ పట్టుకున్నాడు.

"ముందు ఆ కెమెరాని లోపల పెట్టండ్రా! ఏసీ వెయ్యండి. మా మిరపకాయలకే ఏసీ గోడౌన్లున్నాయి సార్, కెమెరాని ఎండలో పెడితే ఊరికి మర్యాదేనా?"

ఇద్దరు మనుషులు డబ్బాను మోసుకెళ్ళి, పట్టెమంచం మీద కొత్త దుప్పటి పరిచి పడుకోబెట్టారు. ఒకతను చెవి ఆనించి, "లోపల నీళ్ళు కదుల్తన్నయ్యి," అన్నాడు.

"ఇప్పటి కెమెరాలకి రేడియేటర్ ఉంటదిరా, వేడెక్కకుండా," అన్నాడు బాబ్జీ. ఆటో నడిపేవాడి మాటకు ఎవరూ ఎదురు చెప్పలేదు.

అదే గదిలో మూర్తి గారికి టిఫిన్ పెట్టారు. మంచం పక్కనే చిన్న బల్ల వేసి, నేతి పెసరట్టు వడ్డించారు. ఆయన ఒక్కో ముక్కా మాత్రలా మింగారు.

"మీరు డైరెక్టరుగారాండీ?" అంది మల్లేశ్వరి.

"కాదమ్మా, లెక్చరర్ని. ఫిజిక్సు."

"కెమెరా అంటే ఫిజిక్సేగా," అన్నాడు రంగయ్య తలూపుతూ. "మరి హీరోయిన్ గారు?"

"బండిలో మా ఆవిడ ఒక్కతే ఉందండీ. పడుకుంది. ఎవర్నీ రానివ్వద్దంది."

రంగయ్య మల్లేశ్వరి వంక చూశాడు. మల్లేశ్వరి పళ్ళెం కింద పెట్టి, ఇద్దరు ఆడవాళ్ళను వెంటేసుకుని బయటికి నడిచింది. ఆవిడ ఎక్కడికి వెళుతోందో మూర్తి గారికి ఆలస్యంగా తట్టింది. ఇక లాభం లేదని రంగయ్యను చెయ్యి పట్టుకుని మూలకు లాక్కెళ్ళారు.

"రంగయ్యగారూ, మీతో ఒక మాట చెప్పాలి. ఆ డబ్బా కెమెరా కాదు."

"నాకు తెలుసు సార్."

మూర్తి గారి ప్రాణం లేచి వచ్చింది. ఆయన కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి.

"కెమెరా అంటే జనం మీద పడతారు, నలుగుర్లో డబ్బా అనే అందాం," అన్నాడు రంగయ్య ఆయన భుజం తట్టి. "ఒరేయ్! ఇక నుంచి ఎవరూ కెమెరా అనబాకండి. డబ్బా అనండి!"

చెబితే నమ్మేవాళ్ళు లేని నిజం అబద్ధం కంటే బరువు. మొదట్లో చెప్పి ఉంటే నవ్వి ఊరుకునేవాళ్ళు. డబ్బా మంచమెక్కాక చెబితే అవమానం. ఇక మీదట చెబితే ఏమవుతుందో ఊహించుకునే ధైర్యం కూడా మూర్తి గారికి లేకపోయింది. గోడ గడియారం చూశారు. మధ్యాన్నం ఎంతో దూరం లేదు.

"సార్, మా ఊళ్ళో ఇంతవరకూ షూటింగు పడలేదు," అన్నాడు రంగయ్య. "డబ్బా ఊరు దాటేలోపు ముహూర్తం కొట్టాల్సిందే. కొబ్బరికాయ మాది, కర్పూరం మాది. మా పూజారి పెళ్ళి చేయించడానికి మార్టూరు పోయాడు. అయినా మీకెందుకు లోటు, మీరే ఉన్నారుగా!" అని, చెమటకు తడిసిన చొక్కాలోంచి కనబడుతున్న జంధ్యం వైపు భక్తిగా చూశాడు.

 మూర్తి గారి తండ్రి నలభై ఏళ్ళు పౌరోహిత్యం చేసిన మనిషి. కొత్త లారీకి, కొత్త మోటారుకు, బోరుబావికి కూడా పూజ చేయించారు. ఈ వస్తువుకు పూజ చేయాల్సి వస్తుందని మాత్రం కొడుక్కి ఏనాడూ చెప్పలేదు.

డబ్బా వాకిట్లో పీట మీదికి వచ్చింది. ఒకరు పసుపు రాశారు, ఒకరు కుంకుమ బొట్లు పెట్టారు. బంతిపూల దండ వేశారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, పైన పట్టుగుడ్డ కప్పారు. నిమిషంలో అది గుర్తుపట్టలేనంత పవిత్రంగా తయారైంది. మూర్తి గారు కళ్ళు గట్టిగా మూసుకుని గణపతి ప్రార్థన మొదలుపెట్టారు. మధ్యలో, "తండ్రీ, పాపమంతా నాది, వీళ్ళకు ఏమీ తెలియదు, వీళ్ళను వదిలిపెట్టు," అని సంస్కృతంలో వేడుకున్నారు. ఆయన గొంతు వణకడం చూసి జనం మరింత భక్తిగా దణ్ణాలు పెట్టారు. సంస్కృతం ఇంత నిజాయితీగా ఆ వాకిట్లో ఎప్పుడూ వినబడి ఉండదు.

ఆయన కొబ్బరికాయ కొట్టి కళ్ళు తెరిచేసరికి ఎదురుగా కనకలక్ష్మి గారు నిలబడి ఉన్నారు.

ఆవిడ తలారా స్నానం చేసి, తల్లో మల్లెపూలు పెట్టుకుని, ముఖం కళకళలాడుతూ ఉన్నారు. మల్లేశ్వరి వెళ్ళి తలుపు తట్టి, "మిమ్మల్ని ఎక్కడో చూశామండీ," అనడంతో నిద్ర చెడిన కోపం కాస్తా పోయింది. దొడ్డిదారిన ఇంట్లోకి తీసుకొచ్చి, పెద్ద స్నానాలగదిలో కాగునీళ్ళు తోడారు. బయటికి రాగానే పక్కన నిలబడి వరసగా ఫొటోలు తీసుకున్నారు. పెళ్ళినాటి తరవాత ఆవిడతో ఫొటో కావాలని ఎవరైనా అడగడం అదే మొదలు.

"ఏమండీ, మీ చేత పూజ చేయిస్తున్నారా? ఎంత మర్యాదస్తులండీ! ఇంతకీ ఏం మిషనిది, మందు కొట్టే స్ప్రేయరా?" అన్నారు ఆవిడ మెల్లిగా.

మూర్తి గారు తల ఎటు ఊపారో ఆయనకే తెలియదు. కనకలక్ష్మి గారు హారతి కళ్ళకద్దుకున్నారు. ఆ దృశ్యం చూసి ఆయన ఆ జన్మకు సరిపడా కుంగిపోయారు.

బాబ్జీ ఆటో ముందు, జనం వెనక, మేళం ఒక్కటే తక్కువగా ఊరేగింపు కారవాన్ దాకా వచ్చింది. పూజ చేసిన వస్తువును కింద పెట్టకూడదని రంగయ్య మనుషులు దాన్ని తిన్నగా లోపలికి మోసుకెళ్ళి వంటగట్టు మీద, ఆవకాయ జాడీ పక్కన నిలబెట్టి, పట్టుగుడ్డ మడత పెట్టుకుని దిగిపోయారు. కనకలక్ష్మి గారు లోపలికి వచ్చి చూశారు. పిడిని చూశారు, చక్రాలను చూశారు, పసుపు కింద నల్లమూతను చూశారు.

"ఏమండీ, ఇది మన..."

"మనదే."

"ఖాళీ చేశారా?"

"లేదు."

ఆవిడ హారతి అద్దుకున్న చేతుల వంక చూసుకున్నారు. మూర్తి గారు మెట్టు మీద కూలబడిపోయారు.

"పద కనకం. వినుకొండ బస్సుకు నేనే తీసుకెళ్తా. నేనూ వస్తా. నాకు కన్యాకుమారీ వద్దు, ఈ బండీ వద్దు. ఇన్నేళ్ళకు నిన్ను ఎక్కడికైనా తీసుకెళ్దామనుకుంటే, పొద్దుటి నుంచి ఒక్క పని, ఒక్కటంటే ఒక్కటి, చేతకాలేదు నాకు. ఇంటికి పోదాం."

 కనకలక్ష్మి గారు చేతులు కొంగుకు తుడుచుకున్నారు. తరవాత అడిగారు.

"కొబ్బరికాయ కొట్టారా?"

"కొట్టాను."

"ఎలా పగిలింది?"

"సరిగ్గా రెండు చెక్కలు. పువ్వు కూడా వచ్చింది."

"పువ్వొచ్చిందా!" ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. "మన పెళ్ళిలో కూడా రాలేదండీ పువ్వు. అలాంటి ప్రయాణాన్ని మధ్యలో ఆపితే ఇంకేమైనా ఉందా? అరిష్టం. కన్యాకుమారి చూసి రావాల్సిందే. లేవండి."

"కనకం, నా మాట విను. నాకు ఇల్లు చాలు."

"దేవుడి మాట తరవాతే మీ మాట," అంటూ ఆవిడ ముందు సీట్లో కూర్చుని, చీర కొంగు సర్దుకున్నారు. బయట ఇంకా ఫొటోలు తీస్తున్నారు.

మూర్తి గారు చివరి ఆశతో రోడ్డుకు అటూ ఇటూ చూశారు. కాస్త దూరం పోయాక ఎక్కడైనా చాటుగా ఆపి డబ్బా ఒంపుకోవచ్చు. అంతలో రంగయ్య కిటికీలోంచి తల పెట్టాడు.

"సార్, డబ్బాకి తోడుగా ముందు రెండు బండ్లు, వెనక రెండు బండ్లు పెట్టాను. మధ్యలో ఎక్కడా ఆపనివ్వరు. మార్టూరులో మా బామ్మర్దికి రాళ్ళ పాలిషింగు ఫ్యాక్టరీ ఉంది, ఫోన్ చేశా. వాళ్ళూ పూజ చేసుకుంటారంట."

మోటారు సైకిళ్ళు హారన్లు కొట్టాయి. వంటగట్టు మీద డబ్బా ఒక్కసారి మెల్లగా కదిలింది. మార్టూరు దాకా మూర్తి గారు ఒక్క గతుకులో కూడా చక్రం పడనివ్వలేదు.