అటక మీది కోపం పెట్టె

నవ్వేవాళ్ళుంటే ముందే లేచి బయటికి పొండి. చెప్పడం మొదలుపెట్టాక ఎవడి పళ్ళు కనిపించినా మధ్యలో ఆపేస్తాను. నాకు కోపం ఇంకా తగ్గలేదు.

బస్ డిపోలో నా ఉద్యోగమేమిటో మీకు తెలుసు. మెడలో విజిల్ వేసుకుని, మైకు పట్టుకుని, పొద్దున్నించి సాయంత్రం దాకా డ్రైవర్ల మీద అరవడం. చాటుగా నన్ను హారన్ అంటారనీ తెలుసు, అనేది ఎవరో కూడా తెలుసు. అంతటివాణ్ణి ఇంట్లో ఎవరూ పట్టించుకోకపోతే ఒళ్ళు మండదూ?

మా ఆవిడ నలభై రెండేళ్ళ వయసులో గవర్నమెంటు యూనివర్సిటీలో చేరింది. ఏ లెక్కలకో, చరిత్రకో అయితే ఊరుకునేవాణ్ణి. చిన్నపిల్లల చదువట! ఆరేళ్ళలోపు పిల్లలకి ఎలా నేర్పాలో పెద్దవాళ్ళకి నేర్పుతారట.

“పిల్లల్ని ఆడించడానికి యూనివర్సిటీ ఎందుకే? మన పిల్లలిద్దర్నీ ఏ పట్టా చూసి పెంచావు?” అన్నాను.

“పట్టా లేకుండానే పెంచాను. ఇద్దరూ అచ్చం మీలాగే అరుస్తున్నారు,” అంది.

రెండేళ్ళండీ! నా కొత్త బూట్ల డబ్బా బొమ్మరిల్లయింది. నా గడ్డం గీసుకునే బ్రష్షు రంగుల్లో మునిగింది. ఓ రోజు ఆకుపచ్చ చెంపలతో డిపోకి వెళ్ళాను. సరే, అదంతా భరించవచ్చు. సాయంత్రం ఇంటికొచ్చి నాలుగు మాటలు మాట్లాడదామంటే ఎప్పుడూ ముఖానికి పుస్తకం అడ్డం. మగాడికి సవతి పోరు ఉండదంటారు. నాకుంది, మూడువందల పేజీలు.

ఒక్క విషయంలో మాత్రం ఆవిడ దారికొచ్చింది. ఇదివరకు అది చెయ్యండి, ఇది చెయ్యండి అని ప్రాణం తీసేది. ఇప్పుడు నన్నే అడుగుతుంది.

“ఏమండీ, గిన్నెలు తోముతారా, బట్టలు ఆరేస్తారా?”

“బట్టలు!” అనేవాణ్ణి గట్టిగా. మరి ఇంట్లో నిర్ణయాలు నావే.

మొన్న గురువారం ఆవిడకి ఆఖరి ప్రాక్టికల్. యూనివర్సిటీ ఆవరణలోనే ఉన్న నర్సరీ బడిలో, పెద్ద మేడం ఎదుట, పిల్లలకి పాఠం చెప్పాలి. పాసైతే అదే బడిలో ఉద్యోగం. తప్పితే ఏడాదంతా మళ్ళీ చదవాలి. పాఠం దేని గురించో తెలుసా? కోపం! కోపమొస్తే ఏం చెయ్యాలో పిల్లలకి చెబుతుందట. అందుకని నెల్లాళ్ళు కూర్చుని ఓ గుడ్డబొమ్మ కుట్టి, అట్టపెట్టెలో దాచింది. ఎర్రటి ముఖం, ఉరిమే కళ్ళు, పైకి లేచిన మీసం.

ఆ మీసం ఎవరిదో చూడగానే తెలిసిపోయింది. అరికాలి మంట నెత్తికెక్కింది. గురువారం పొద్దున ఆవిడ స్నానానికి వెళ్ళగానే ఆ పెట్టెని అటకెక్కించి, పాత పరుపు వెనక్కి తోసేశాను. బొమ్మ లేకపోతే పాఠం పోతుంది, విసుగెత్తి చదువు మానేస్తుంది, మళ్ళీ మనిషిలా నాతో మాట్లాడుతుంది. అదీ నా ఆలోచన. తప్పే, కాదనను.

ఆవిడ మంచం కింద వెతికింది, బీరువా వెనక వెతికింది. బియ్యం డబ్బా మూత కూడా తీసి చూసింది. నిజం నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఉన్నట్టుండి ఆగి నన్ను కిందినించి పైదాకా చూసింది. పైన మరికాస్త ఎక్కువసేపు చూసింది.

“ఏమండీ, నాతో బడికి వస్తారా, ఇంట్లో ఉండి పెట్టె వెతుకుతారా?”

నేనే దాచిన పెట్టె కోసం ఇల్లంతా ఎవడు వెతుకుతాడు? “వస్తాను!” అన్నాను.

బడిలో నాకో జానెడు కుర్చీ వేశారు. కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. ఎదురుగా ఇరవైమంది పిల్లలు, మూలన కాగితం, కలం పట్టుకుని పెద్ద మేడం. పాఠం మొదలవకముందే రెండు పిలకల పిల్ల ఒకతె వచ్చి నా మెడలో విజిల్ లాక్కుని, నా చెవిలోనే ఊదింది.

“ఇటివ్వు!”

“ఇవ్వను.”

ఇరవై రెండేళ్ళ సర్వీసులో నాతో ఆ మాటన్న డ్రైవరు పుట్టలేదు. దిగ్గున లేచాను. కుర్చీ కూడా నన్ను పట్టుకుని లేచింది.

“పిల్లలా పిశాచాలా మీరు? ఇదో బడి, ఇదో చదువు!” డిపో గొంతు. ఓ పిల్లాడు బావురుమన్నాడు. వెనక కుర్చీ ఊడిపడి కాలు విరిగింది. పెద్ద మేడం గబగబా రాసుకుంటోంది. మా ఆవిడ పని అయిపోయింది అనుకున్నాను. నేను కోరింది అదే కదా, సంతోషం వెయ్యాలి. ఎందుకో ఆవిడ వైపు చూడలేకపోయాను.

మా ఆవిడ తొణక్కుండా వచ్చి, నన్ను కింద కూర్చోబెట్టి, ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది.

“చూశారా పిల్లలూ, ఈయనకి కోపమొచ్చింది. ముఖం ఏ రంగు?”

“ఎరుపు!”

“చేతులు?”

“బిగించేశాడు!”

“మీసం?”

“ఎగురుతోంది!”

“ఏమండీ, విజిల్ మీదే. అడక్కుండా తీసుకుంటే ఎవరికైనా కోపమొస్తుంది. ఇప్పుడు మెల్లగా అడుగుతారా, పాప మూడుసార్లు ఊదేదాకా ఆగుతారా?”

“మూడుసార్లు!” అన్నాను గట్టిగా.

పిల్లలంతా లెక్కపెట్టారు. ఒకటి. రెండు. మూడోది మోగేసరికి నాకు గిన్నెలూ బట్టలూ గుర్తొచ్చాయి. ఇల్లు ఊడుస్తారా, తడిగుడ్డ పెడతారా? మా అక్కకి మీరు ఫోన్ చేస్తారా, నన్ను చెయ్యమంటారా? రెండేళ్ళుగా, ఓరి దేవుడా, రెండేళ్ళుగా నేనూ ఆ బడి పిల్లాణ్ణే!

పిలకల పిల్ల విజిల్ నా చేతిలో పెట్టింది. “తాతా, నీకెందుకంత కోపం?”

నలభై తొమ్మిదేళ్ళకి తాతట! గట్టిగా కసరబోయాను. నోట్లోంచి ఇంకోటి వచ్చింది. “మా ఆవిడ నాతో మాట్లాడట్లేదు.”

“మాట్లాడమని అడిగావా?”

అడగలేదు. అరిచాను గానీ, ఒక్కనాడూ అడగలేదు. మా ఆవిడ తల పక్కకి తిప్పుకుని కొంగుతో కళ్ళద్దుకుంది.

“బొమ్మతో చెబుతానని రాసిచ్చావు కదమ్మా?” అంది పెద్ద మేడం.

“పొద్దున బొమ్మ కనబడలేదండీ. అందుకని అసలాయన్నే తీసుకొచ్చాను.”

మేడం నూటికి తొంభై ఆరు వేసింది. తగ్గిన నాలుగూ కుర్చీ కాలివట.

తిరిగొస్తూ బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. ఆవిడ చెయ్యెత్తి నా జుట్టులోంచి ఇంత పొడుగు బూజు తీసి, నా అరచేతిలో పెట్టింది. పొద్దున్నించి నెత్తిన అది పెట్టుకునే ఊరంతా తిరిగాను.

“ఏమండీ, అటక మీంచి పెట్టె మీరు దింపుతారా, నన్ను దింపమంటారా?”

“నేనే దింపుతానులే,” అన్నాను. ఈసారి గట్టిగా అనలేకపోయాను.