చెరువుకు ఐదు చుట్లు

దేవనాథన్ ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. ఐదున్నరకు లేచి నామం దిద్దుకోవాలి, చక్కెర లేని కాఫీని మందులాగా మింగాలి, చెరువు పార్కుకు వెళ్లి ఐదు చుట్లు నడవాలి, ఏడున్నరకల్లా ఇంటికొచ్చి పేపరు పట్టుకోవాలి. దేవస్థానం ఆఫీసు రికార్డుల గదిలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి ఇంతకు మించి పథకాలు వేయడు.

ఐదు చుట్ల లెక్క డాక్టరు హేమశ్రీది. ముందురోజు ఆమె రిపోర్టు చూసి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "మూడు నెలల సగటు షుగరు ఎనిమిదిన్నర ఉంది సార్. డిసెంబరు లోపల ఏడుకు దిగువకు రావాలి. రోజూ ఐదు చుట్లు నడవండి, తగ్గితే ఫలితం ఉండదు. రాకపోతే ఇన్సులిన్ సూదే."

సూదికి దేవనాథన్ భయపడలేదు. "మరి ధనుర్మాసంలో చక్కెర పొంగలి?" అని అడిగాడు.

"ఏడు లోపలికొస్తే రోజుకొక గరిటె. రాకపోతే వాసన కూడా చూడొద్దు."

అక్కడ ఆయన గుండె జారింది. కల్యాణవల్లిని పెళ్లి చేసుకున్న ముప్పై ఆరు ఏళ్లలో ఏ ధనుర్మాసమూ ఆమె చేతి పొంగలి లేకుండా గడవలేదు. తెల్లవారకముందే ఇత్తడి గిన్నెలో ఉడికి, పెరుమాళ్‌కు నివేదనై, నెయ్యి పైకి తేలుతుండగా విస్తట్లోకి వచ్చే ఆ పొంగలి కోసం ఆయన మిగతా పదకొండు నెలలూ ఓపిక పట్టేవాడు. ఉద్యోగంలో ప్రమోషన్ తప్పిపోయినప్పుడు కూడా ఇంత దిగులు పడలేదు.

పార్కు కొత్తది. ఊరి చివర పెద్దచెరువు గట్టును వెడల్పు చేసి, నీళ్ల పక్కన నడిచేవాళ్లకు ఎర్రబాట, దాని వెలుపల సైకిళ్లకు నీలంబాట వేశారు. గేటు దగ్గర సైకిళ్లు అద్దెకిస్తారు. రెండు బాటల మీదా తెల్లరంగు బాణాలున్నాయి. వాటి ప్రకారం పోతే చెరువు ఎడమచేతి పక్కకు వస్తుంది. ఎక్కడో పెద్ద ఊళ్లో అట్లా ఉందని కాంట్రాక్టరు ఇక్కడా అట్లాగే గీయించాడు.

దేవనాథన్ బాణాన్ని చూసి ఆగిపోయాడు. "ఇది అప్రదక్షిణం కదప్పా" అన్నాడు, అక్కడే నిలబడి ఉన్న పార్కు సూపర్‌వైజరు నరేంద్రతో.

"చెరువే కదా సామీ. లోపల దేవుడు ల్యాడు, చేపలుండాయి."

"ఏదున్నా సరే. ఎడమచేతి పక్క పెట్టుకోని ఎప్పుడు తిరగతారో నీకు తెలుసునా?"

నరేంద్రకు తెలుసు. చావు దగ్గర తిరుగుతారు. పొద్దున్నే ఆ మాట ఎందుకని ఊరుకున్నాడు. దేవనాథన్ బాణానికి ఎదురుగా, చెరువును కుడిచేతి పక్కన పెట్టుకుని బయలుదేరాడు. కూతురు కొనిపెట్టిన కొత్త బూట్లు మడమ దగ్గర కరుస్తుంటే వాటిని గేటు పక్కనే విడిచేశాడు. ఫోనులో అడుగులు లెక్కపెట్టడం చేతగాక తులసిమాల పట్టుకుని, వంద అడుగులకొక పూస జరుపుతూ, లెక్క తప్పకుండా పైకే గొణుక్కుంటూ నడిచాడు.

ఇదంతా సత్యవేడు రైతు చెంగయ్య కంటపడింది. కొండ మీద దర్శనానికి అతని టోకెను మధ్యాహ్నం మూడింటికి. అంతవరకూ యాడ కూర్చోవాలో తెలియక పార్కులోకి వచ్చాడు. ఊరంతా ఒకవైపు పరుగులు పెడుతుంటే, నామం పెట్టుకున్న పెద్దాయన ఒక్కడే ఉత్త కాళ్లతో, తులసిమాలతో, పెదాలు కదుపుతూ ప్రదక్షిణంగా వస్తున్నాడు. చెంగయ్య చప్పున లేచి వెనకాల నడిచాడు.

"ఎన్ని సుట్లు సామీ?"

దేవనాథన్ అప్పటికి నాలుగో చుట్టులో ఉన్నాడు. ఊపిరి అందడం లేదు. "ఐదు. తగ్గితే ఫలితం ఉండదు."

"ఎవురు చెప్పినారు సామీ?"

మాట్లాడే ఓపిక లేక దేవనాథన్ చేయెత్తి ఉత్తరం వైపు చూపించాడు. హేమశ్రీ ఆసుపత్రి ఆ వైపునే ఉంది. ఏడుకొండలు కూడా ఆ వైపునే ఉన్నాయి. చెంగయ్య కొండల వైపు చూసి చెంపలేసుకుని, చెప్పులు తీసుకెళ్లి గేటు దగ్గర బూట్ల పక్కన పెట్టి వచ్చి, ఐదు చుట్లూ చుట్టాడు. అతని పొలంలో రెండు బోర్లు ఎండిపోయాయి. మూడోది ఆ వారమే వేయిస్తున్నాడు.

మూడో బోరులో మూడువందల అరవై అడుగుల దగ్గర నీళ్లు పడ్డాయి. తిరుపతి చెరువుకూ సత్యవేడు బోరుకూ ఏం సంబంధమని అక్కడ ఎవరూ అడగలేదు. నీళ్లు పడినవాణ్ణి ప్రశ్నలు అడిగే అలవాటు ఆ వైపు లేదు.

ఆ శనివారం దేవనాథన్ పార్కుకు వచ్చేసరికి గేటు దగ్గర వ్యాను ఆగి ఉంది. ఇరవై మంది ఉత్త కాళ్లతో నిలబడి ఉన్నారు. ముందు చెంగయ్య, చేతిలో మూతపెట్టిన క్యాను.

"మీరు లేకుండా యాడ మొదులుపెట్టేది సామీ? ముందర ప్రసాదం తీసుకోండి" అని దొన్నె నిండా చక్కెర పొంగలి పెట్టి అందించాడు.

ప్రసాదం వద్దనడం దేవనాథన్‌కు రాదు. ముప్పై ఒక్క ఏళ్ల నౌకరీలో ఆయన ఎన్నో అర్జీలు వద్దన్నాడు కాని, కళ్లకద్దుకోవలసిన వస్తువును వద్దన్నది లేదు. కళ్లకద్దుకుని తిన్నాడు. చుట్టు పూర్తి చేసి గేటు దగ్గరకు వచ్చేసరికి రెండో దొన్నె సిద్ధంగా ఉంది. చుట్టుకొక దొన్నె చొప్పున ఆ ఉదయం ఐదు తిన్నాడు.

"అప్పా చెంగయ్యా, ఇది నడిచే బాట. గుడి కాదు. నాకు షుగరు ఉండాది, అందుకని తిరగతా ఉండాను" అని చివరికి నిజం చెప్పేశాడు.

చెంగయ్య వెనక్కి తిరిగి తనవాళ్లతో, "సూసినారా? గొప్పోళ్లు యాడా గొప్ప చెప్పుకోరు" అన్నాడు.

అక్కడినుంచి వ్యవహారం ఎవరి చేతిలోనూ లేకుండా పోయింది. వ్యానులో వచ్చినవాళ్ల కోరికల్లో రెండు మూడు తీరాయి. ఏ కోరికలైనా ఇరవై ఉంటే రెండు మూడు తీరుతాయి, అది వేరే సంగతి. తీరనివాళ్లు తాము నాలుగే చుట్టామేమోనని మళ్లీ వచ్చారు. నగరి నుంచి బస్సు వచ్చింది. దర్శనం టోకెన్లు చేతిలో పట్టుకుని పొద్దుపోక తిరిగేవాళ్లు గుంపును చూసి గుంపులో కలిశారు. గేటు దగ్గర చెప్పుల కుప్ప నడుమెత్తు లేచింది. చుట్ల లెక్క తప్పిపోతోందని ఎవరో ఒక పద్ధతి పెట్టారు. చుట్టుకొక తులసి రేకు ఇస్తారు, ఐదు రేకులు చూపించినవాళ్లకే పొంగలి. దేవనాథన్‌కు మాత్రం రేకులు అక్కర్లేదు. ఆయన కనబడితే చాలు, దొన్నె ఎదురొచ్చేది.

నరేంద్ర విజిలు ఊది, అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. బాణాల ప్రకారం పరుగెత్తే బ్యాంకు మేనేజరొకాయన వంపు తిరుగుతూ గుండు చేయించుకున్న పదిహేను మందిని ఢీకొట్టాడు. దెబ్బలేమీ తగల్లేదు కాని, పైకి ఫిర్యాదు వెళ్లింది.

"సామీ, ఇదంతా మీ వల్లనే. వాళ్లకి ఒక మాట చెప్పండి" అన్నాడు నరేంద్ర, తల పట్టుకుని.

"చెప్పినానప్పా. చెప్పిన కొద్దీ దండాలు పెడతా ఉండారు."

పైనుంచి ఎవరో వచ్చి చూసి, రెండువందల మందిని తిప్పడం కంటే బాణాన్ని తిప్పడం సులభమని తేల్చారు. ఎర్రబాట మీద పాత బాణాలు చెరిపి, ప్రదక్షిణంగా కొత్తవి గీశారు. నీలంబాట జోలికి ఎవరూ పోలేదు. ఆ రోజు దేవనాథన్‌కు సంతోషించే హక్కు ఉంది కాని, తీరిక లేదు. ఇంట్లో వేలు గుచ్చి చూసే మిషను నెల కిందట నూట ఎనభై చూపించింది. ఇప్పుడు రెండువందల డెబ్బై చూపిస్తోంది.

"నడిస్తే దిగుతుందన్నారు. ఇదేమి, ఎక్కతా ఉండాది?" అంది కల్యాణవల్లి. ఉతకడానికి తీసిన చొక్కా జేబులో మడిచిన దొన్నె దొరికింది. వాసన చూసింది. మరునాడు తానూ పార్కుకు బయలుదేరింది.

మొగుడి గుట్టు బయటపెట్టాలని వచ్చిన మనిషి గేటు దగ్గరే నిలబడిపోయింది. ఆయనకు అన్ని దండాలు పడటం ఆమె పెళ్లినాడు కూడా చూడలేదు. సరే, ఎటూ వచ్చాను కదా అని ఆమె కూడా చుట్టింది. పది రోజులు చుట్టేసరికి ఎనిమిదేళ్లుగా పట్టేసి ఉన్న మోకాళ్లు తేలికపడ్డాయి.

"నడిచినావు, అందుకని తగ్గింది" అన్నాడు దేవనాథన్.

"మీరూ నడిచినారు కదా. మీకెందుకు తగ్గలేదు?" అంది ఆమె. నెల తిరిగేసరికి కల్యాణవల్లి తులసి రేకులు పంచే చోట కుర్చీ వేసుకుని కూర్చుంది. మొగుడికి ఇంక దొన్నెలు ఇవ్వొద్దని ఆమె చెప్పి చూసింది. గురువుకు పెట్టకుండా మేమెట్లా తినేదని జనం ఒప్పుకోలేదు.

ధనుర్మాసం ఇంకా రెండు నెలలుంది. దేవనాథన్ బాగా ఆలోచించి, ఒక తెల్లవారుజామున నామం పెట్టుకోకుండా ఇల్లు కదిలాడు. ప్యాంటు, తల మీద హెల్మెట్టు, అద్దె సైకిలు. చిన్నప్పుడు పుత్తూరులో బడికి సైకిలు మీదే వెళ్లినవాడు కనుక తొక్కడం మరచిపోలేదు. పోయే సైకిలును ఆపి ప్రసాదం పెట్టేవాళ్లు లోకంలో లేరు. నీలంబాట మీద చెరువు ఎడమచేతి పక్కకే వస్తుంది, నిజమే. తిరిగేది చక్రాలు కాని తాను కాదని ఆయన మనసుకు నచ్చజెప్పుకున్నాడు.

ఒకసారి చెంగయ్య ఎర్రబాట మీదినుంచి ఆయన్ని చూసి, "ఎవుడో పాపిష్టోడు, అప్రదక్షిణంగా పోతా ఉండాడు సూడండబ్బా" అన్నాడు. ఆ రోజు దేవనాథన్ ఐదు చుట్లూ అన్నిరోజులకంటే తొందరగా ముగించాడు. గురువు కనబడడం లేదేమని అడిగినవాళ్లకు కల్యాణవల్లి, "ఇంట్లోనే ధ్యానం" అని చెప్పింది. ఆయన పొద్దున్నే పాలకు పోతున్నాడని ఆమె నమ్మకం.

డిసెంబరు పదిహేనున హేమశ్రీ రిపోర్టు చూసి నవ్వింది. "ఆరు పాయింటు ఎనిమిది. ఏం చేసినారు సార్?"

"తిరిగినానమ్మా" అన్నాడు దేవనాథన్.

"రోజుకొక గరిటె. ఒక్కటే."

ఆ కాగితాన్ని ఆయన ఇంట్లో చూపించలేదు. మరునాడు ధనుర్మాసం తొలిరోజు. విస్తరి ముందు కూర్చుని, కల్యాణవల్లి పెట్టనని చేయి వెనక్కి తీసుకున్నప్పుడు, మెల్లగా జేబులోంచి తీసి చూపించాలని అనుకున్నాడు. ఆ రాత్రి రెండుసార్లు లేచి కాగితం ఉందో లేదో చూసుకున్నాడు.

ఐదింటికి నిద్ర లేచేసరికి ఇంట్లో నెయ్యి వాసన ఉంది, నెయ్యి లేదు. వంటింట్లో పొయ్యి చల్లగా ఉంది. ఇత్తడి గిన్నె లేదు. వెంటనే ఫోను చేశాడు.

"పార్కులో ఉండాను" అంది కల్యాణవల్లి. "తొలి నివేదన చెరువు దగ్గరే అని అందరమూ అనుకున్నాము. ఇంట్లో పెట్టుకుంటే మీరు పాపం ఆశపడతారని గిన్నెతో తెచ్చేసినా."

దేవనాథన్ నామం పెట్టుకునే ఓపిక కూడా లేక, చేతికందిన సైకిలు ప్యాంటు తొడుక్కుని, కాగితం పట్టుకుని పార్కుకు పోయాడు. గేటు దగ్గర వరస బయట రోడ్డు దాకా ఉంది. ఇత్తడి గిన్నె పక్కన చెంగయ్య నడుముకు తువ్వాలు బిగించి గరిటె పట్టుకుని ఉన్నాడు. వరస జరిగి జరిగి దేవనాథన్ ముందుకొచ్చేసరికి అరగంట పట్టింది. ప్యాంటు, నామం లేని నుదురు. చెంగయ్య తల ఎత్తకుండానే చేయి చాపాడు.

"రేకులు సూపించన్నా."

దేవనాథన్ రిపోర్టు చూపించాడు. చెంగయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఈడ ఇది సెల్లదు. ఐదు రేకులు కావాల."

పక్కన కుర్చీలోంచి కల్యాణవల్లి లేచి వచ్చింది. కాగితం అందుకుని చదివింది. ఆమె కళ్లు చెమర్చాయి. "ఏడు లోపలికి వచ్చిందా? నాకు చెప్పనే లేదే" అంది. కాగితం మడిచి కొంగున ముడి వేసుకుంది. తరువాత వెనకనున్న వరస వైపు చూసి గొంతు తగ్గించింది. "ఇంతమంది చూస్తా ఉంటే మీకొక్కరికే ఎట్లా పెట్టేది? ఐదు చుట్లు చుట్టి రండి. తగ్గితే ఫలితం ఉండదని మీరే కదా చెప్పినారు?"

దేవనాథన్ చెప్పులు విప్పి కుప్ప మీద పడేశాడు. చెరువును కుడిచేతి పక్కన పెట్టుకుని, కొత్త బాణాల ప్రకారం బయలుదేరాడు. గేటు దాటిన ప్రతిసారీ ఒక రేకు అందుకున్నాడు, గిన్నెలోకి తొంగి చూశాడు. మొదటి చుట్టుకు సగం ఉంది. రెండో చుట్టుకు పావు. మూడో చుట్టులో ఆయన పరుగెత్తాడు.

నాలుగో చుట్టుకు చెంగయ్య గిన్నె బోర్లించి కడుగుతున్నాడు. ఐదో చుట్టు మాత్రం దేవనాథన్ కేవలం ఆరోగ్యం కోసమే నడిచాడు.