లేని బర్రెకు గాలికుంటు

…అయినా పిల్లి అన్నం మానడానికీ మనిషి అన్నం మానడానికీ తేడా ఉంది గదా అనుకుంటున్నాడు దక్షిణామూర్తి, పొద్దున్నే వసారాలో గొంతుక్కూర్చుని, ముట్టని పెరుగన్నం గిన్నెను చూస్తూ. మనిషి మానితే ఎవరైనా అడుగుతారేమోనన్న ఆశ ఒక మూల ఉంటుంది. పిల్లికి అట్లాంటి ఆశలుండవు. అది మానిందంటే నిజంగానే మానిందన్నమాట. మూడు రోజులుగా రంగి గిన్నె దగ్గరికి వస్తుంది, మూతి పెడుతుంది, ముందుకాలితో దవడ గీరుకుంటుంది, సన్నగా చొంగ కారుస్తూ పోయి వంటింటి గడప మీద కూర్చుంటుంది. ఆయన భార్య కృష్ణకుమారి బియ్యం ఏరుకుంటూ కూర్చునేది ఆ గడప మీదనే.

కృష్ణకుమారి జమ్మలమడుగులో పుట్టింటికి పోయి నాలుగు నెలలైంది. తగాదా పెద్దదేమీ కాదు. ఒకనాడు బడి నుంచి వచ్చి చూస్తే ఆయన భోంచేసే పీట మీద పిల్లి నిద్రపోతూ ఉంది. "ఈ ఇంట్లో నాకన్నా దానికే మర్యాద" అన్నాడు. "అది పిలిస్తే పలుకుతాది" అన్నది ఆమె. ఆయన జవాబు చెప్పలేదు. చెప్పకపోవడంతో ఆమె మాటే నిజమని తేలిపోయింది. మర్నాడు ఆమె పెట్టె సర్దుకుంది.

అలిగి పుట్టింటికి పోయిన ఆడమనిషి మొగుడు వచ్చి పిలవందే రాదు. అది తెలియనివాళ్లు ప్రొద్దుటూరులో ఎవరూ లేరు. ఆయనకూ తెలుసు. ప్రతి శనివారం, రేపు పోదామనుకుంటాడు. ఆదివారం సాయంత్రం, వచ్చే వారం పోదామనుకుంటాడు. ఆయన లెక్కల అయ్యవారు. ఈ లెక్కకు జవాబు తెలుసు గాని, మొదటి మెట్టు ఏమని రాయాలో తోచదు. గడప దాటి లోపలికి పోయి ఏమనాలి? ఈలోగా ఆమె వదిలిపోయిన వాటిలో ఊపిరి ఉన్నది ఈ పిల్లి ఒక్కటే. పులివెందులలో ఉద్యోగం చేసేటప్పుడు వేరుశనగ గోతాల సందున దొరికిన కూన. బదిలీ మీద ఆమె ఒళ్లో కూర్చుని బస్సులో వచ్చింది. ఇది చచ్చిపోతే, ఇక ఆమెను ఏ మొహం పెట్టుకొని పిలవడం?

బడికి పోయే ముందు ఆసుపత్రికి తీసుకుపోయి, గంట కొట్టేలోగా తిరిగి రావాలన్నది ఆనాటి పథకం. పిల్లిని గంపలో పెట్టి, మీద తువ్వాలు కట్టి బయలుదేరాడు.

పశువుల ఆసుపత్రిలో డాక్టరు ఊళ్ల మీద తిరగడానికి పోయాడు. కాంపౌండరు దావూద్ ఒక్కడే ఉన్నాడు. పులివెందులలో దక్షిణామూర్తి దగ్గరే చదువుకున్నవాడు.

"ఏంది సార్, గంపలో?"

"పిల్లి. అన్నం తినడం లేదు. నోట్లోంచి చొంగ."

దావూద్ తల గోక్కున్నాడు. "పిల్లులకూ కుక్కలకూ అయితే కడపకు పోవల్ల సార్. ఆడ ఫీజుంటాది. పెద్దాఫీసర్ల కుక్కలు పోతాంటాయి. ఈడ సేద్యపు పశువులకు మాత్రమే దుడ్లు లేకుండా చూసేది."

"పిల్లి సేద్యం చేయదు గదప్పా."

"చేయదు సార్. ఆడనే వచ్చింది తంటా."

రిజిస్టరులో ఎక్కించనిదే మందు చుక్క బయటికి రాకూడదు. రాష్ట్రం విడిపోయింది, కర్నూలు రాజధాని అయింది, ఆ రాజధాని హైదరాబాదుకూ పోయింది. ఫారాలు మాత్రం మదరాసు కాలంవే. వాటిలో ఎద్దు, ఆవు, బర్రె, గొర్రె, మేక, గుర్రం, గాడిద ఉన్నాయి. పిల్లికి గడి లేదు.

"గుర్రమంటే అడుగుతారు, ఊర్లో జట్కాలన్నీ వాళ్లకు తెలుసు. మేకంటే, అయివోరింట్లో మేకేందిరా అంటారు. బర్రె అని రాస్తా సార్. బర్రెను ఎవరూ పట్టించుకోరు" అన్నాడు దావూద్. గురుభక్తితో గుండ్రటి అక్షరాల్లో రాశాడు: బర్రె, ఒకటి. యజమాని, దక్షిణామూర్తి అయ్యవారు. మేత మేయదు. నోట చొంగ.

ఆ తర్వాత ఊదారంగు నీళ్ల సీసా చేతికిచ్చాడు. "నోరు కడగడానికి సార్. బర్రెకు పూటకు ఒక శేరు. పిల్లికి ఎంతో మీరే భాగహారం చేసుకోండి."

భాగహారం సులభంగానే వచ్చింది. కడగడమే రాలేదు. ఆ సాయంత్రానికి అయ్యవారి రెండు చేతులూ గీతల పుస్తకాలయ్యాయి. రంగి నోరు మాత్రం తెరవలేదు.

శనివారం రిజిస్టరు నకలు కడపకు పోయింది. అక్కడ దాన్ని నిజంగానే చదివే మనిషి ఒకడున్నాడని దావూద్ కలలో కూడా అనుకోలేదు. మేత లేదు, చొంగ ఉంది అంటే నోరూ గిట్టలూ పుండ్లుపడే గాలికుంటు కావచ్చు. గాలికుంటు ఒక కొట్టంలో దూరితే ఊరంతా చుట్టబెడుతుంది. పైగా ఆ వారమే పశువుల సంత.

సోమవారం మూడో పీరియడులో దక్షిణామూర్తి బోర్డు మీద వడ్డీ లెక్క వేస్తుండగా కిటికీ బయట టముకు మోగింది.

"యావన్మందికీ తెలియజేయడమేమనగా! దక్షిణామూర్తి అయివోరి బర్రెకు గాలికుంటు అనుమానం! ఆ ఈదిలో పశువులను ఏటికి తోలరాదు, సంతకు కొట్టరాదు, పాలు పచ్చివి తాగరాదహో!"

తనకు ఒక బర్రె ఉన్నదనీ, దానికి జబ్బు చేసిందనీ ఆయన అట్లా ఒకేసారి విన్నాడు. తరగతిలో నలభై మంది ఆయన వైపు సానుభూతిగా చూశారు. ఆయన వడ్డీని అసలులోంచి తీసివేశాడు. ఎవరూ తప్పుపట్టలేదు.

ఇంటికొచ్చేసరికి పక్కింటి లక్ష్మీదేవమ్మ గోడ మీద మోచేతులు పెట్టుకొని సిద్ధంగా ఉంది. బట్టల అంగడి వాళ్ల ఇల్లది. వయసులో పెద్దామె.

"ఏం నాయనా, బర్రెను కొన్యావంట. ఈనిందా?"

"అది… ఇంకా…"

"ఈనకుండానే చొంగ కారుస్తాదా? ఈనే ఉంటాది. మరి జున్ను ఏది? ఇన్నేండ్లుగా మా బర్రె ఈనిన ప్రతిసారీ మీ ఇంటికి గిన్నెడు పంపిస్తినా లేదా? ఇరుగుపొరుగుకు జున్ను పెట్టకుండా తింటే రోగాలు రాక ఏమొస్తాయప్పా!"

బర్రె లేదని చెబుదామని నోరు తెరిచాడు. లేదంటే దావూద్ ఉద్యోగం పోతుంది. "ఈసారి పంపిస్తానమ్మా" అన్నాడు. దాంతో బర్రె మొదటిసారి ఆయన నోటితోనే పుట్టింది.

ఆ రెండు రోజులూ ఊళ్లో ఎక్కడికి పోయినా బర్రె ఆయనకన్నా ముందుండేది. హెడ్మాస్టరు దాని యోగక్షేమాలు అడిగాడు. పెరుగామె ఈ గడప తొక్కనంది. విచిత్రమేమంటే, నాలుగు నెలలుగా పలకరించనివాళ్లంతా ఆగి పలకరిస్తున్నారు. మనిషి ఒంటరిగా ఉంటే అడగడానికి మొహమాటపడే లోకం, బర్రెకు జబ్బంటే చొరవగా ఇంట్లోకి వస్తుంది. ఆ పలకరింపులు తనకు బాగుండడం గమనించి ఆయన సిగ్గుపడ్డాడు. ఇంట్లో రంగి పక్కటెముకలు లెక్కపెట్టేటట్లుగా తేలాయి. అది గడప మీదనే ఉంది. వంగి, దాని ముందు నీళ్ల మూకుడు జరిపి, "ఆమె వస్తాదిలే" అన్నాడు. ఎవరికి చెప్పుకున్నాడో ఆయనకే తెలియలేదు.

బుధవారం పొద్దున దావూద్ చెప్పులు చేతపట్టుకొని పరిగెత్తుకొచ్చాడు. "సార్! కడప నుంచి పెద్ద డాక్టరు కాశీవిశ్వనాథం గారు జీపులో వచ్చినాడు. బర్రెను చూడల్లంట. ఇంకో అరగంటలో ఈడుంటాడు. నన్ను కాపాడండి సార్, యాడన్నా ఒక బర్రెను చూపించండి!"

ఎదురింటి మెహబూబున్నీసాకు బర్రె ఉంది. ఆమెతో ఆయన ఇంతవరకూ పట్టుమని పది మాటలు మాట్లాడలేదు. వాకిట్లో నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"మీ బర్రె ఒక గంటసేపు కావల్ల."

"ఎందుకు సార్?"

"డాక్టరుకు చూపించడానికి."

"మా బర్రెకు ఏం రోగం ల్యాకపాయె!"

"అందుకే."

ఆమె ఆయన్ను ఎగాదిగా చూసింది. "మీ బర్రె పుణ్యమా అని నా బర్రె మూడు దినాలుగా ఏటి మొహం చూడల్యా. ఇప్పుడు మీకు నాదే కావల్సొచ్చిందా? సరే, పట్టుకపోండి. మీ ఆడామె మొహం చూసి ఇస్తాండా."

పలుపు పట్టుకోవడం రాక చేతికి చుట్టుకున్నాడు. బర్రెను ఆయన తోలుకుపోయాడో, ఆయన్ను బర్రె లాక్కుపోయిందో గాని, ఇద్దరూ వసారా చేరారు. అది నేరుగా బల్ల మీదున్న మూడు నెలల పరీక్ష పేపర్ల మీద మూతి పెట్టింది.

కాశీవిశ్వనాథం నవ్వని మనిషి. బర్రె నోరు తెరిచి చూశాడు, గిట్టలు చూశాడు, రిజిస్టరు నకలు చూశాడు. "మేత మేయదు అని ఉంది" అన్నాడు. బర్రె ఏడో తరగతి బి సెక్షనును పూర్తిచేసి ఎనిమిదికి వచ్చింది.

"ఇప్పుడే కొంచెం…" అన్నాడు దక్షిణామూర్తి.

"చొంగ కూడా లేదే. ఇంతకూ ఇది మీదేనా?"

సరిగ్గా అప్పుడు వంటింటి గడప మీదినుంచి రంగి లేచింది. రెండడుగులు వేసి, తూలి, కూర్చుని, దవడ గీరుకుంది. కింది పెదవి నుంచి చొంగ తీగలాగా సాగింది. డాక్టరు పిల్లిని చూశాడు. నకలు చూశాడు. దావూద్ గోడ వైపు తిరిగాడు.

దక్షిణామూర్తి అబద్ధం ఇంకొకటి వెతకబోయి, ఒక్కసారిగా అలిసిపోయాడు. "బర్రె లేదు సార్. ఉన్నది ఇదే. తప్పు నాది, వాడిది కాదు. అది మా ఆవిడ పిల్లి. దాన్ని బతికించండి. తర్వాత మీరేం రాసుకున్నా సరే" అన్నాడు. నాలుగు నెలల్లో ఆయన ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడడం అదే మొదలు.

డాక్టరు తువ్వాలు అడిగి తీసుకున్నాడు. పిల్లిని మెడ దాకా పొట్లం కట్టినట్టు చుట్టి దావూద్ చేతిలో పెట్టాడు. పట్టకారుతో నోరు తెరిచి వెలుగు వైపు తిప్పాడు. ఒక్క లాగు లాగాడు. పట్టకారు చివర అగ్గిపుల్లంత ఎముక వచ్చింది.

"కోడి ఎముక. దవడ పళ్ల మధ్య అడ్డంగా ఇరుక్కుంది. ఉడికిన ఎముకలు పెట్టొద్దండీ, చీలి గుచ్చుకుంటాయి. మెత్తటి మాంసం పెట్టండి, నీళ్లు పెట్టండి. మళ్లీ తినకపోతే రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చోవద్దు, చేతుల్లో పెట్టుకొని పరిగెత్తుకు రండి."

"కోడి ఎముకా!" అన్నది గోడ మీద నుంచి లక్ష్మీదేవమ్మ. "అయివోరింట్లోనా!"

దక్షిణామూర్తి ఇంట్లో కోడిగుడ్డు కూడా ఎన్నడూ ఉడకలేదు. బర్రె కోసం వచ్చిన మెహబూబున్నీసా వాకిట్లోనే నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

"యా అల్లా! నా చేతి పాపమే సార్. వారానికి రెండుసార్లు నేనే పెడతాండా. బొమికలు తీసే పెడతా, ఈసారి యాడో తప్పింది. ఆయమ్మ పోయేటప్పుడు చెప్పి పాయె: వొట్టి పెరుగన్నంతో పిల్లి బతకదు, నువ్వు చూసుకో, ఆయనకు చెప్పొద్దు అని. వారం వారం కార్డు గూడా రాస్తాది."

"కార్డా? మీకా?"

"నాకే. నాకు సదువు రాదు, పోస్టుమ్యాన్ అరుగు మీద కూచ్చొని సదువుతాడు. మా ఆయన కమాల్ బాషాకు చెవుడు గదా, గట్టిగా సదువుతాడు."

"పోయిన వారం కార్డు శానా బాగా రాసింది" అన్నది లక్ష్మీదేవమ్మ. "నాకు ఏడుపొచ్చింది."

అంటే వీధంతా విన్నది. బడికి పోయిన ఆయన ఒక్కడే వినలేదు. మెహబూబున్నీసా లోపలికి పోయి కార్డుల కట్ట తెచ్చింది. ప్రతి కార్డులోనూ తొమ్మిది లైన్లు పిల్లి గురించి. పదో లైను మాత్రం ఆయన గురించి. ఆయన బక్కచిక్కినారా? ఆదివారాలు యాడికైనా పోతున్నారా? ఆ పొద్దున వచ్చిన కార్డులో పిల్లి రెండు లైన్లకు కుదించుకుపోయింది: 'బర్రెను కొన్నారని మా ఊర్లో అందరూ అంటున్నారు. ఆయనకు పలుపు పట్టుకోవడం కూడా రాదు. చేతికి చుట్టుకుంటారేమో చూడు.'

ఆయన ఎర్రగా కమిలిన తన చేతిని చూసుకున్నాడు. రంగి ఈ నాలుగు నెలలూ బెంగతో గడప మీద కూర్చున్నదనుకున్నాడు. అది వారానికి రెండుసార్లు విందుకు పోయి వచ్చి అరిగించుకుంటున్నది. ఈ ఇంట్లో బెంగతో మెతుకు ముట్టనిది ఒక్క తనేనన్నమాట.

"మీరు జవాబేమని రాయించినారు?" అని అడిగాడు నెమ్మదిగా.

మెహబూబున్నీసా కొంచెం మొహమాటపడింది. "ఉన్నదే రాయించినా సార్. పిల్లి బాగుండాది. సారే బాగల్యా."

డాక్టరు కాశీవిశ్వనాథం నకలు మీద 'పశువు పూర్తిగా కోలుకున్నది' అని రాసి సంతకం చేసి జీపెక్కాడు. దావూద్ ఆ అక్షరాలకు దండం పెట్టాడు. రంగి మెహబూబున్నీసా తెచ్చిన మెత్తటి ముక్కను ఆబగా తింటున్నది.

దక్షిణామూర్తి చొక్కా మార్చుకోలేదు. ఆదివారం దాకా ఆగలేదు. గడప దాటాక ఏమనాలో దారి పొడుగునా వెతికాడు గాని, మొదటి మాట దొరకలేదు. దొరక్కుండానే బస్సెక్కి కూర్చున్నాడు.

"యాడికప్పా?" అన్నాడు కండక్టరు.

"జమ్మలమడుగు."

"ఒకటేనా?"

"పోయేటప్పుడు ఒకటే. వచ్చేటప్పుడు ఆమె ఇష్టం" అన్నాడు దక్షిణామూర్తి.