టీకాలకొచ్చినవారికి టాకోలు

ఆదివారం మిట్టమధ్యాహ్నం మా గుమ్మం ముందు సగం వీధి చొక్కా చేతులు భుజం దాకా మడిచి, ఆధార్ కార్డులు పట్టుకుని వరుస కట్టిందంటే అందులో నా తప్పు ఆవగింజంత కూడా లేదు. "ఆదివారం మా ఇంట్లో టాకోలు, మీరూ అమ్మగారూ తప్పకుండా రావాలి" అని నేను ఫోన్లో పిలిచింది ఒక్క జ్ఞానప్రకాశం మాస్టారిని. ఆయన మా పక్కింటాయన. లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. కొంతకాలానికి ఆయన చెవులు కూడా రిటైరయ్యాయి.

ఆయనకి వినపడింది "టీకాలు". పైగా మంచి మాట నలుగురికీ చెప్పకపోతే ఆయనకి అన్నం సయించదు. చర్చిలో ఆరాధన ముగిశాక ప్రకటనల్లో చదివించేశారు: కుక్కుటేశ్వరరావుగారి ఇంటి దగ్గర ఉచితంగా టీకాలు, అందరూ వినియోగించుకోవాలి, పరగడుపున రానక్కర్లేదు!

ఆ చివరి ముక్క ఆయన సొంత కవిత్వం. అదే జనాన్ని కాపాడింది. అందరూ టిఫిన్లు చేసి వచ్చారు.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ క్షణంలో మాత్రం నా వంట ఖ్యాతి అప్పుడే ఊరంతా పాకిపోయిందనుకుని పొంగిపోయాను. చేతులెందుకు మడిచారంటారా? తిండికి దిగేవాడు చేతులు మడవడా! ఆధార్ కార్డులెందుకంటారా? ఈ రోజుల్లో దేనికి అడగడం లేదు చెప్పండి!

కాబట్టి పాఠకులారా, కంగారు పడకుండా వినండి. ఇంట్లో చేపని గ్రిల్ చేసి టాకోల్లో, అంటే మడత రొట్టెల్లో, పెట్టుకు తినడం మానవజాతికి దక్కిన మహా వరం. కాదన్నవాళ్ళు నా వాదన పూర్తిగా వినాలి. విన్నాక కూడా కాదంటే వాళ్ళింటికి వచ్చి వండిపెడతాను.

నా పేరులోనే కుక్ ఉన్నాడు. కుక్కుటేశ్వరరావు! పిఠాపురంలో స్వామివారి పేరని మా నాన్న భక్తితో పెట్టుకున్నారు గానీ, అందులో ఒక వంటవాడు ముసుగు తన్ని పడుకున్నాడని ఆయనకి తెలియదు. యాభై దాటాక వాడు లేచాడు. లేపింది రీల్స్. ఎక్కడో సముద్రపు ఒడ్డున ఒక దొర తెల్లచేపని నిప్పుల మీద పెట్టాడు, ఒక్కసారి తిప్పాడు, వేలితో తాకితే పొరలు పొరలుగా విడిపోయింది, రొట్టెలో మడిచి కొరికి కళ్ళు మూసుకున్నాడు. అంతే. రీల్ అయిపోయింది. నాకు రియల్ మొదలైంది.

గ్రిల్లింగు వల్ల మేలు ఒకటా రెండా? దోమలనే తీసుకోండి. గోదావరి జిల్లా దోమకి కాయిల్ అంటే అగరుబత్తి, హాయిగా పీల్చుకుంటుంది. ఒక్క చేపని మేడ మీద కాల్చి చూడండి, వీధిలో దోమ మిగిలితే నన్నడగండి. మనుషులు కూడా మిగలరనుకోండి, అది వేరే సంగతి! ఇక వ్యాయామం. విసనకర్రతో బొగ్గులు విసిరి విసిరి నా కుడిచెయ్యి ఇప్పుడు పహిల్వాన్ చెయ్యిలా ఉంది. ఎడమచెయ్యి ఎప్పటిలాగే గుమస్తా చెయ్యి. పొగడ్తల సంగతంటారా? పొగడ్తలో సగం పొగే కదండీ. ఆ సగం నాకు పూర్తిగా దక్కింది.

సరే, వేళాకోళం కాసేపు పక్కన పెడతాను. ఈ తతంగం నేను రీల్ చూసే మొదలెట్టినా, చేసింది మాత్రం మా అత్తగారి కోసం.

మా అత్తగారు అమ్మణ్ణిగారిది నిడదవోలు. ఇప్పుడు మా దగ్గరే ఉంటున్నారు. చేప తినడంలో ఆవిడ దిట్ట. కంచంలో ముళ్ళన్నీ ఒక పక్కన దువ్వెన పళ్ళలా వరుసగా పేర్చి లేచేవారు. అలాంటి మనిషికి పోయిన వానాకాలం పులుసన్నం తింటుండగా ఒక ముల్లు గొంతులో అడ్డం పడింది. డాక్టరు తీసేశాడు. "కాస్త చూసుకుని తినండమ్మా" అని పంపించాడు. మా ఆవిడ పావని ఆ మాటలో "చూసుకుని" మాత్రం ఉంచి "తినండి" తీసేసింది. ఆనాటి నుంచి ఇంట్లో చేప వండిన రోజున ఆవిడకి పప్పుచారు, గుడ్డు. అందరం పులుసు కలుపుకుంటుంటే ఆవిడ బల్ల చివర కూర్చుని, వాసన పట్టి, "ఇవాళ కొర్రమీనా? చింతకాయ వేసినట్టున్నావే" అని మాత్రం అంటారు. అని, పప్పుచారు కలుపుకుంటారు.

అది చూడలేకే అన్నాను, ముల్లు లేని చేప పెడితే అభ్యంతరమేమిటి అని. పావని ఒక షరతు పెట్టింది. "సరే. ఒక్క ముల్లు కనబడిందా, ఇంకెప్పుడూ ఈ ఇంట్లో అమ్మ దగ్గర చేప మాట ఎత్తకూడదు మీరు" అంది. ఒప్పుకున్నాను. అత్తగారు మధ్యగదిలోంచి వింటున్నారని నాకు తెలుసు. టీవీ శబ్దం తగ్గింది మరి!

తెల్లచేప కోసం శనివారం సాయంత్రం చేపల బజారుకి వెళ్ళాను. ఇన్నేళ్ళూ చేపలు కొన్నది పావని, నేను సంచీ మోశాను. సంచీకి చేప గురించి ఎంత తెలుస్తుందో నాకూ అంతే తెలుసు. అక్కడ ఉప్పాడ నుంచి వచ్చిన పండుగప్ప ఉంది. చూస్తే వీపంతా నల్లగా ఉంది. ఇదేం వైట్ ఫిష్? పక్కనే బొచ్చె, వెండి పొలుసులతో తళతళలాడుతోంది. వైట్ అంటే అదీ వైట్! తెల్లదనం మాంసంలో చూడాలా తోలు మీద చూడాలా అని ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు. పెళ్ళిచూపుల్లోనూ మనవాళ్ళు అంతే కదా!

అమ్మే ఆవిడ పులుసుకా, వేపుడుకా అని అడిగింది. గ్రిల్లుకి అన్నాను. "గ్రిల్లులు చేసే వెల్డింగు షాపు పక్క సందులోనండి" అంది. నేను నవ్వి, ముళ్ళు తీసేసి పెద్ద పెద్ద బద్దలు కొయ్యమన్నాను. బొచ్చెకి ముళ్ళు తీయడమంటే కొబ్బరిచెట్టుకి ఆకులు లెక్కపెట్టడమని తెలిసిన మనిషి కాబట్టి ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "నడిముల్లు తీసేశానండి" అని ఊరుకుంది. నేను దాన్ని "అన్ని ముళ్ళూ తీసేశానండి" అని అర్థం చేసుకున్నాను. మాస్టారి చెవుల మీద జోకులేసేవాణ్ణి నేను!

గ్రిల్లు కొనలేదు. పాత టేబుల్ ఫ్యాను ముందు జాలీ ఊడదీసి, తోమి, మేడ మీద ఇటుకల మధ్య పెట్టాను. చేప దాని మీద బద్దలుగా ఎక్కి తునకలుగా దిగింది. సగం అక్కడే అంటుకుపోయింది. ఆ జాలీకి కాస్త కూడా జాలి లేదు! మొక్కజొన్న పిండితో రొట్టెలు చేద్దామని కూర్చుంటే ప్రతి రొట్టే కొత్తగా విడగొట్టిన జిల్లా పటంలా వచ్చింది. చూడలేక పావని చపాతీలు ఒత్తి ఇచ్చింది. అవకాడో పండు దొరకలేదు, ఆవకాయ వేశాను. సగం పేరు కలిసింది చాలదా? సల్సాకి ఉల్లిపాయా టమాటా కొత్తిమీరా తరిగాను. సలసల కాగకపోయినా సల్సాయే!

అప్పుడే గుమ్మం ముందు ఆ వరుస. పిలవకుండా వచ్చిన జనాన్ని చూసి పావని నా వంక చూసిన చూపుతో ఇంకో చేప కాలేది. కానీ గోదావరి జిల్లాలో గుమ్మం దాకా వచ్చినవాళ్ళని తినకుండా పంపడం ఎక్కడైనా ఉందా? అందరినీ లోపలికి పిలిచి మనిషికో టాకో చేతిలో పెట్టాం. టీకాకి ముందు ఏదో తినాలి కాబోలనుకుని వాళ్ళూ బుద్ధిగా పుచ్చుకున్నారు. మాస్టారి భార్య సంపూర్ణమ్మగారైతే ప్రార్థన కూడా చేశారు. ఆ ప్రార్థన ఎంత అవసరమో అప్పటికి ఎవరికీ తెలియదు.

అత్తగారి ముందు ప్లేటు పెట్టాను. ఆవిడ టాకోని అటూ ఇటూ తిప్పి చూశారు. పోయిన వానాకాలం తర్వాత చేప తన ముందుకి రావడం అదే మొదటిసారి. చీర చెంగుతో చేతులు రెండోసారి తుడుచుకున్నారు.

అంతలో మాస్టారు నోట్లోంచి సన్నటి ముల్లొకటి బయటికి లాగి వెలుతురుకి పట్టి చూశారు. ఆ వెనకే సంపూర్ణమ్మగారు ఒకటి. ఆపైన గదంతా ఎవరి నోట్లో వేళ్ళు వాళ్ళవే.

ఎందుకంటారా? మన జిల్లాల్లో చేపని నోటితో తింటామనుకుంటాం గానీ, నిజానికి వేళ్ళతో తింటాం. అన్నంలో కలిపేటప్పుడే వేళ్ళ చివర్లు ముల్లుని కనిపెట్టి పక్కన పడేస్తాయి. నోటి దాకా వెళ్ళేది వేళ్ళు పాస్ చేసిన ముద్ద. టాకోలో ఆ పరీక్ష లేదు. చేపని మడతలో దాచి నేరుగా పళ్ళకి అప్పజెబుతాం. చెకింగు లేని బస్సులో దొంగ ఎక్కినట్టు ముల్లు దర్జాగా వెళ్ళి కూర్చుంటుంది.

పావని తల్లి ముందున్న ప్లేటు తీసేసి, అక్కడ పప్పుచారు గిన్నె పెట్టింది.

అత్తగారు ఆ గిన్నె వంక చూశారు. కొరకనైనా లేదు ఆవిడ.

నాకు ఏదో ఒకటి చెయ్యాలనిపించింది. నాకు చేతనయ్యేది ఒకటే. ఒక టాకో తీసుకుని, సగం ఒక్కసారే నోట్లో కుక్కుకుని, "టాకో అంటే తాకొద్దని కాదే పావనీ, తాకి చూడమని..." అని మొదలెట్టాను. ఆ శ్లేష పూర్తి కాలేదు. గొంతులో ఏదో నిలువుగా దిగి, అడ్డంగా తిరిగింది.

కళ్ళలో నీళ్ళు. మాట లేదు. నా చేత మాట మాన్పించిన మొదటి చేప అది! తలా ఒక వైద్యం చెబుతున్నారు. ఒకరు అరటిపండన్నారు, ఒకరు వీపు మీద చరిచారు. టీకాల వాళ్ళు ఎప్పుడొస్తారు, డాక్టరు కూడా ఉంటాడేమో అని వెనకనుంచి ఎవరో అన్నారు. ఆ స్థితిలో నాకది అర్థం కాలేదు.

అత్తగారు లేచారు. "అన్నం ఉందా?" అన్నారు.

టాకోల రోజున అన్నమెక్కడిదనుకున్నాను. నా పిచ్చి గానీ, నేను వండుతున్నానంటే వంటింట్లో కుక్కరు నిండా అన్నం పెట్టకుండా పావని ఊరుకుంటుందా! అత్తగారు పిడికెడు అన్నం తీసి గట్టిగా ముద్ద చేశారు. "నమలకండి బాబూ. మింగండి" అన్నారు. మింగాను. ఇంకో ముద్ద. ముల్లు దానితో పాటు దిగింది.

నేను ఊపిరి పీల్చుకునేసరికి ఆవిడ నేల మీద చాప వేసుకుని కూర్చున్నారు. ఇంకా ఎవరూ కొరకని టాకోల పళ్ళెం తన ముందుకి లాక్కుని ఒక్కొక్కటే మడత విప్పి, చేపని వేళ్ళ మధ్య నలిపి, ముళ్ళు తీసి పక్కన పేరుస్తున్నారు. ఆ వేళ్ళు ఆగడం లేదు, కళ్ళు చూడటం లేదు. ఏరిన చేపలో ఆవకాయ ఊట కలిపి, అన్నం కలిపి, ముద్దలు చేసి, వచ్చినవాళ్ళందరి చేతుల్లోనూ పెట్టారు. ఆఖరి ముద్ద తన నోట్లో పెట్టుకోబోతుంటే పావని "అమ్మా" అంది.

"నాకు అడ్డం పడిన రోజున కూడా మీ ఆయన ఇలాగే ఏదో అన్నారే. నాకు నవ్వొచ్చింది, నవ్వుతూ మింగేశాను" అన్నారు ఆవిడ నెమ్మదిగా. "మానిపిస్తే ఆ జోకులు మానిపించాలి గానీ, చేపేం చేసింది? పోనీ, నన్నొక మాట అడిగావా?"

పావని వంటింట్లోకి వెళ్ళి, వేడి అన్నం తెచ్చి తల్లి కంచంలో వడ్డించింది. అత్తగారు తిన్నారు. కంచం పక్కన ముళ్ళు దువ్వెన పళ్ళలా వరుసగా!

ఇప్పుడు చెప్పండి, గ్రిల్లింగు వరమా కాదా? మన పెద్దవాళ్ళకి ఏది పడుతుందో డాక్టరు చెబుతాడు, కూతురు చెబుతుంది, అల్లుడు రీల్ చూసి చెబుతాడు. కంచం ముందు కూర్చున్న మనిషిని మాత్రం ఎవ్వరం అడగం. ఆ ఒక్క ప్రశ్న బయటికి రావాలంటే అల్లుడి గొంతులో ముల్లు దిగాలి!

అందరూ చేతులు కడుక్కున్నారు. మాస్టారు మాత్రం మడిచిన చొక్కా చెయ్యి దించకుండా నా దగ్గరికి వచ్చి, "రావుగారూ, భోజనం బాగుందండి. ఇంతకీ టీకా ఎప్పుడు వేస్తారండి?" అన్నారు.

గది గదంతా నా వైపు తిరిగింది. ఆ మడిచిన చేతులూ, ఆ కార్డులూ నాకప్పుడు అర్థమయ్యాయి. నిలబడి, అందరికీ వినపడేలా, మాస్టారికి రెండుసార్లు చెప్పాను: టీకా కాదండీ, టాకో, అంటే చేపని రొట్టెలో మడిచి తినడం, మీరు తిన్నది అదే, కాకపోతే మడత విప్పేశాక తిన్నారు. సంపూర్ణమ్మగారు మొగుడి చెవుల వైపు ఒకసారి చూసి, కార్డు సంచీలో పడేసుకున్నారు.

"అయితే టీకా లేదన్నమాట" అన్నారు మాస్టారు దిగులుగా.

"ఉందండి, వేయడం కూడా అయిపోయింది" అంది పావని. "మా ఆయనకి, గొంతులో. భోజనాల దగ్గర జోకులు రాకుండా."

అప్పటి నుంచి మా ఇంట్లో చేప వండిన రోజున అత్తగారు పులుసు కలుపుకుంటారు, నేను నోరు మూసుకుని తింటాను. అక్కడ మింగిన శ్లేషలన్నీ ఎక్కడో ఒకచోట కక్కాలి కదా! ఈ కాలమ్‌లో మీకేదైనా అడ్డం పడితే, కాస్త అన్నం ముద్ద చేసుకుని మింగండి. నమలకండి.