అత్తగారి చెక్క, కోడలి గిటారు

గురువారం ఉదయం కౌంటరమ్మ వేసుకున్న పథకంలో ఎక్కడా లోపం లేదు. పదింటికి బజారుకెళ్ళి నీలం రంగు స్ప్రే డబ్బా తేవాలి. పదకొండింటికి మొదటి పూత, భోజనాలయ్యాక రెండోది, సాయంత్రం మూడోది. శుక్ర, శనివారాలు ఆరబెట్టాలి. ఆదివారం పొద్దున తీగలు బిగించి, సాయంత్రం స్టేజీ ఎక్కాలి. ఇందుకోసం ఆవిడ ఆసుపత్రికి సెలవు కూడా పెట్టింది.

పళ్ళ ఆసుపత్రిలో ఎనిమిదేళ్ళుగా కౌంటరు దగ్గర కూర్చుంటుంది కాబట్టి అందరికీ ఆవిడ కౌంటరమ్మే. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా లేదు. ఆ కౌంటరు ఎత్తుకి పేషెంట్లకు కనిపించేది మెడ దాకానే. "కూర్చోండి, పిలుస్తాం" అన్న రెండు ముక్కలు తప్ప ఆవిడ నోటి వెంట మూడో ముక్క విన్నవాళ్ళు లేరు. అలాంటి మనిషి కాలేజీ రోజుల్లో గిటారు వాయించేదంటే ఎవరు నమ్ముతారు? అందుకే ఈసారి వార్షికోత్సవంలో పెద్ద డాక్టరుగారు పాట పాడతారని, వాయించేవాళ్ళు కావాలని నోటీసు పెట్టగానే అందరికంటే ముందు చెయ్యెత్తేసింది. ఎవరో వాడి వదిలేసిన ఎలక్ట్రిక్ గిటారొకటి కొనుక్కుని రిహార్సల్‌కి పట్టుకెళ్ళింది. పెచ్చులూడిన ఆకుపచ్చ రంగు, ఆ పెచ్చుల మీద పాత యజమాని అంటించిన స్టిక్కర్లు. డాక్టరుగారు దాన్ని పుచ్చిపోయిన పన్నును చూసినట్టు చూశారు.

"వాయించడం బాగానే ఉందమ్మా. కానీ దాని అవతారం చూడు! ఆదివారానికి కొత్తదానిలా తయారుచేసుకుని వస్తే ముందు నా పక్కనే నిలబడు. లేదంటే తెర వెనక నిలబడి వాయించు. వినిపిస్తే చాలుగా!"

వినిపిస్తే చాలదు. జీవితంలో ఒక్కసారైనా తల నుంచి కాలి దాకా నలుగురికీ కనిపించాలి. కౌంటరమ్మకు ఏడుపు ముంచుకొచ్చింది. దాన్ని అలాగే దిగమింగి, దారిలో సాండ్‌పేపరు కొనుక్కుని ఇంటికెళ్ళింది.

వారం రోజులు ఆవిడ చేతులకు తీరిక లేదు. గిటారు పిడి విప్పి బీరువా మీద పెట్టింది. తీగలు, మరలు, మీటలు బిస్కెట్ల డబ్బాలో వేసింది. మిగిలిన మొండెం మీద పడి రుద్దింది. అరచేతులు పొక్కిపోయాక ఆకుపచ్చ అంతా పోయి కింద తెల్లటి చెక్క బయటపడింది. బాల్కనీలో పెడితే దుమ్ము పడుతుందని, తడిగుడ్డతో తుడిచి వంటింటి గట్టు మీద ఆరబెట్టి గురువారం బజారుకెళ్ళింది. అక్కడే కొంప మునిగింది.

ఎందుకంటే పది రోజులు కూతురి దగ్గర ఉండి అత్తగారు సరిగ్గా ఆ పొద్దునే దిగారు. ఆవిడకు కూరలు తరుక్కునే చెక్క ఒకటి చేసిపెడతానని కొడుకు మాటిచ్చి రెండేళ్ళయింది. లిఫ్టులు బాగుచేసే ఆ మహానుభావుడు ఈ రెండేళ్ళలో మూడుసార్లు కొలతలు మాత్రం తీసుకున్నాడు.

నీలం డబ్బాతో ఇంట్లో అడుగుపెట్టిన కౌంటరమ్మకు వంటింట్లోంచి టక టకమని చప్పుడు వినిపించింది. వెళ్ళి చూస్తే గిటారు మొండెం మీద బీట్‌రూట్ ముక్కలు గుట్టగా పడి ఉన్నాయి.

"వచ్చావా అమ్మాయ్! చూశావా మీ ఆయన పనితనం?" అన్నారు అత్తగారు. "లేటయితే అయింది గానీ చేస్తే ఇలా చెయ్యాలి. పట్టుకోడానికి రెండు కొమ్ములు, తొక్కలు వేసుకోడానికి మధ్యలో గుంటలు. వీడి బుర్రకి ఇంత ఆలోచన ఎప్పుడొచ్చిందో!"

ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి. బీట్‌రూట్ తరిగితే కన్నీళ్ళు రావు, కాబట్టి అవి నిజమైనవే. కౌంటరమ్మ తెరిచిన నోరు మూసుకుని పడగ్గదిలోకి పరిగెత్తింది. రాత్రి డ్యూటీ చేసొచ్చిన మొగుడు దుప్పటి కింద గుర్రు పెడుతున్నాడు.

"ఏవండీ, లేవండి! మీరు చేసింది చెక్క కాదని అత్తయ్యకి చెప్పండి."

"నేను చెక్కేం చెయ్యలేదే!"

"అదే చెప్పమంటున్నా!"

ఆయన లేచి కూర్చున్నాడు. "అయ్యబాబోయ్! ఇందాక అమ్మ వచ్చి, చాలా బాగుంది నాన్నా అంది. నిద్రమత్తులో, నీకోసమేనమ్మా అనేశాను."

"ఏం బాగుందో అడగరా?"

"మా అమ్మ నన్ను మెచ్చుకుని ఎన్నేళ్ళయిందో తెలుసా? అడిగి చెడగొట్టుకోమంటావా?"

సరే, తనే చెప్పేద్దామని కౌంటరమ్మ గుండె చిక్కబట్టుకుని వంటింట్లోకి వచ్చింది. ముక్కలు గిన్నెలో ఉన్నాయి. మొండెం మాత్రం లేదు.

"పైఇంటావిడ చూసి ముచ్చటపడి పట్టుకెళ్ళిందిలే. ఒక్క పూట వాడుకుని ఇచ్చేస్తానంది. నా కొడుకు చేశాడని నలుగురికీ తెలియొద్దూ?" అన్నారు అత్తగారు.

కౌంటరమ్మ గురువారమంతా మెట్లెక్కి దిగుతూనే ఉంది. పైఇంటికి తాళం. ఆవిడ ఆ చెక్కను వాళ్ళ అక్కకు చూపించడానికి ఊరి ఆ చివరికి తీసుకెళ్ళిందట. శుక్రవారం మధ్యాహ్నానికి తిరిగొచ్చింది. చెక్క తళతళలాడుతోంది.

"వాడుకుని ఊరికే ఇస్తే ఏం బాగుంటుంది? అందుకని నూనె పట్టించా. రెండువైపులా పట్టించా. ఆ గుంటల్లో కూడా" అంది పైఇంటావిడ.

కౌంటరమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అత్తగారు కునుకు తీయగానే మొగుణ్ణి వెంటబెట్టుకుని, చెక్కను బాల్కనీలోకి మోసుకెళ్ళి స్ప్రే కొట్టింది. నూనె రాసిన పెనం మీద నీళ్ళు చల్లినట్టు నీలం రంగు చుక్కలు చుక్కలుగా విడిపోయింది. కంగారులో ఆయన గుడ్డ పెట్టి తుడిచాడు. ఆ నీలం, ఈ బీట్‌రూట్ ఎరుపు కలిసి గిటారు ఎవరి చేతిలోనో తన్నులు తిన్నట్టు కమిలిపోయింది.

"నా చెక్కని ఏం చేస్తున్నార్రా?"

గుమ్మంలో అత్తగారు. కొడుకు ఉన్నదంతా కక్కేశాడు. అత్తగారు చెక్కను అటూ ఇటూ తిప్పి చూశారు.

"అయితే ఇది నువ్వు చేసింది కాదన్నమాట."

"కాదమ్మా."

"నాకప్పుడే అనుమానం రావాల్సింది. అంచులన్నీ మరీ నున్నగా ఉన్నాయి." ఆవిడ కోడలి వైపు తిరిగి, పొక్కిన అరచేతులు రెండూ పట్టుకుని చూశారు. "ఇదంతా చేత్తోనే రుద్దావా? పిచ్చిదానా, నాతో ముందే చెప్పొద్దూ?"

ఆ మాటకు కౌంటరమ్మ దిగమింగిన ఏడుపంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. డాక్టరుగారి మాట, తెర సంగతి అన్నీ వెక్కుతూనే చెప్పింది.

"తెర వెనక్కా? నా కోడలా?" అత్తగారు కొంగు దోపారు. "ఒరేయ్, ఆ గరుకు కాయితం ఇటు తే!"

ముగ్గురూ కూర్చుని చీకటి పడేదాకా రుద్దారు. నీలం పోయింది, నూనె పోయింది. బీట్‌రూట్ మరకలు మాత్రం మేం కదలమని కూర్చున్నాయి. కౌంటరమ్మ నీరుగారిపోయింది. అత్తగారు మాత్రం తల వంచి ఆ మరకల్నే చూస్తున్నారు.

"అక్కడక్కడా ఉంటే మరక అంటారు గానీ అమ్మాయ్, ఒళ్ళంతా ఉంటే రంగంటారు" అని కొడుకుని నాలుగు కిలోల బీట్‌రూట్‌కి తరిమారు.

అడ్డంగా కోసిన ముక్కలతో ఒకటి, రెండు, మూడు పూతలు. శనివారమంతా ఫ్యాను కింద ఆరింది. సాయంత్రం పైఇంటావిడను, ఆవిడ నూనె సీసాను సగౌరవంగా కిందికి పిలిపించి మెరుగు పెట్టించారు. ఆదివారం పొద్దున తీగలు బిగించి చూస్తే, చెక్కలోని గీతలన్నీ కనిపించేలా ముదురెరుపు రంగు లోపల్నుంచి వెలుగుతోంది. కౌంటరమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయింది.

ఆ సాయంత్రం డాక్టరుగారు గిటారు చుట్టూ రెండుసార్లు తిరిగారు. "అబ్బ! ఏ కంపెనీ పాలిషమ్మా ఇది?"

"మా అత్తయ్యదండీ."

ఆయనకేమీ అర్థం కాలేదు గానీ పక్కకు జరిగి చోటిచ్చారు. తెర లేచింది. కౌంటరమ్మ తల నుంచి కాలి దాకా కనిపించింది. పాట మధ్యలో ఒంటరిగా వాయించాల్సిన వంతు రాగానే కళ్ళు మూసుకుని, ఎనిమిదేళ్ళు నోట్లోనే ఉండిపోయిన మాటలన్నీ వేళ్ళతో చెప్పేసింది. "మన కౌంటరమ్మే!" అని ఎవరో అరిచారు. నర్సులు కుర్చీలెక్కారు. డాక్టరుగారు తన చరణం ఎప్పుడు ఎత్తుకోవాలో మరిచిపోయి చప్పట్లు కొట్టారు. ముందు వరసలో అత్తగారు అటూ ఇటూ తిరిగి, "వాయించేది నా కోడలు, ఆ రంగు నాది" అని అందరికీ చెబుతూనే ఉన్నారు. కౌంటరమ్మకు ఆ క్షణంలో భూమ్మీద ఇంకేమీ అక్కర్లేదనిపించింది.

పాటయ్యాక డాక్టరుగారు గిటారు లాక్కుని, గుండెకు హత్తుకుని, మండే లైట్ల కింద చెమటలు కక్కుతూ పావుగంట సేపు ఫొటోలు దిగారు. దించేసరికి రెండు అరచేతులూ మణికట్టు దాకా ఎర్రగా పండిపోయాయి. ఆ రాత్రి మూడు రకాల సబ్బులు అరిగాయి గానీ ఎరుపు వదల్లేదు.

మర్నాడు ఉదయం ఆయన గ్లవుజులు తొడుక్కోవడం చూసిన మొదటి పేషెంటు, తన పన్ను ఇప్పుడే పూర్తిగా నయమైందని చెప్పి ఇంటికెళ్ళిపోయాడు.