పద్నాలుగో గదిలో ఏడుపు

పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో లిఫ్టాయన భార్యకు తెలియకుండా చేసిన పనులు మొత్తం మూడు. ఆ మూడూ ఆమెకు ముందే తెలుసు. అయినా నాలుగోదానికి సిద్ధపడ్డాడంటే ఆ మనిషి గుండెధైర్యాన్ని మెచ్చుకోవాలి.

లిఫ్టులు బాగుచేయడం ఆయన ఉద్యోగం. భార్య బస్‌స్టేషన్లో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెబుతుంది. ఊళ్ళో అందరికీ ఆమె మైకమ్మ. ఆమె మాట డ్రైవర్లే వింటారు, ఇక మొగుడెంత.

ఆ మైకమ్మ గొంతులో గడ్డ లేచింది. పెద్దాసుపత్రి పక్క ఊళ్ళో ఉంది. అక్కడ చూసి ఆపరేషన్ చేయాలన్నారు, దానికి అయిదు రోజుల ముందే వచ్చి పరీక్షలు చేయించుకోమన్నారు. ఆ రోజే డాక్టరు లిఫ్టాయనను ఒక్కణ్ణే వరండాలోకి పిలిచాడు.

"గడ్డ ప్రాణానికి ముప్పు తెచ్చేది కాదు. కానీ గొంతు నరానికి ఆనుకుని ఉంది. ఆపరేషన్ తర్వాత ఇప్పుడున్న గొంతు రాకపోవచ్చు" అన్నాడు.

ఆ సంగతి లిఫ్టాయన భార్యకు చెప్పలేదు. ఆమె గిన్నెలు కడుగుతూ పాడుకునే పాట ఒకటుంది. ఇరవై రెండేళ్ళుగా ఆ ఇంట్లో ఆ పాటతోనే తెల్లవారుతోంది. ఆమె పాడలేకపోతే తను గిటారు మీద వాయించాలని నిశ్చయించుకున్నాడు. ఆలోచన బాగానే ఉంది. వాయించడమే రాదు.

ఎలక్ట్రిక్ గిటారు ఒకటి ఇంట్లో లేకపోలేదు. మొదటిసారి స్విచ్చి వేసిన రోజున పక్కింటి గోడ గడియారం కింద పడింది. "ఈ ఇంట్లో ఒక్క మైకే ఉంటుంది" అని మైకమ్మ దాన్ని అటక ఎక్కించింది. అందుకని ఆయన వాయిద్యాల కొట్టుకు వెళ్ళాడు.

"ప్రయాణంలో పట్టుకెళ్ళే గిటారు కావాలి. చప్పుడు రాకూడదు" అన్నాడు.

"చప్పుడు రాకపోతే గిటారెందుకండీ?" అన్నాడు కొట్టు ముసలాయన.

"నాకు మాత్రం వినపడాలి. పక్కన రోగులుంటారు."

ముసలాయన మడత గిటారు తీశాడు. మడత విప్పిన ప్రతిసారీ శ్రుతి చేసుకోవాలట. లిఫ్టాయనకు ఒకసారి శ్రుతి చేయడానికే పూట పడుతుంది, వద్దన్నాడు. బ్యాటరీతో నడిచే బుల్లి స్పీకరు చూపించాడు. ఎంత తగ్గించినా గోడ దాటుతుందని అదీ వద్దన్నాడు. చివరికి మూరన్నర పొడవున్న గిటారొకటి వచ్చింది. దానికి పైన తల లేదు, తీగలు బిగించే మరలన్నీ కిందే ఉన్నాయి.

"తలకాయ లేదేమిటి?"

"తలకాయ లేకపోయినా పని బ్రహ్మాండంగా చేస్తుందండీ."

ఆ మాటతో లిఫ్టాయనకు తన మీద కూడా నమ్మకం కుదిరింది.

గిటారుకు గుచ్చుకోవడానికి అగ్గిపెట్టెంత ఆంప్లిఫయరు ఇచ్చాడు. ఫోనులోంచి పాట కూడా దానికే కలపవచ్చు. వైరు లేని హెడ్‌ఫోన్లు మాత్రం ముసలాయనే వద్దన్నాడు. "తీగ మీటాక మోత ఆలస్యంగా వస్తుందండీ. తాళం తప్పుతుంది."

"అవి లేకుండానే తప్పుతుంది" అని లిఫ్టాయన వైరున్నవే తీసుకున్నాడు. చెవుల్ని పూర్తిగా మూసేసే రకం. అవి పెట్టుకుంటే పక్కన పిడుగు పడ్డా వినపడదని ముసలాయన హామీ ఇచ్చాడు. ఆ హామీలో అబద్ధం లేదు. దాని అర్థమే లిఫ్టాయనకు అప్పుడు తట్టలేదు.

సంచీ చూసి మైకమ్మ అడిగింది.

"ఏమిటండీ అది?"

"పనిముట్లు."

"నా ఆపరేషన్‌కి మీ పనిముట్లెందుకు?"

"ఆ ఆసుపత్రి లిఫ్టు మీద నాకు నమ్మకం లేదు."

ఆసుపత్రి వెనక లాడ్జిలో పద్నాలుగో గది దొరికింది. రోజూ భోజనం కాగానే మైకమ్మ పరీక్షలకని వెళ్ళేది. లిఫ్టాయన బాత్రూంలో దూరి గడియ వేసుకుని, బకెట్టు బోర్లించి కూర్చునేవాడు. గిటారు చప్పుడు ఈగకు కూడా వినపడదు. తన తెలివికి తనే మురిసిపోయాడు.

మూడోరోజు నుంచి లాడ్జిలో అందరూ ఆయన్ని ప్రేమగా చూడసాగారు. మేనేజరు అడగకుండానే ఉతికిన తువ్వాలు పంపాడు. పదమూడో గది పెద్దావిడ మెట్ల మీద వీపు నిమిరి, "దేవుడున్నాడు నాయనా" అంది. పదిహేనో గది ఆయన రెండు అరటిపళ్ళు చేతిలో పెట్టి మొహం తిప్పుకున్నాడు. ఇంత మంచి లాడ్జి ఎక్కడా చూడలేదనుకుంటూ లిఫ్టాయన పళ్ళు తిన్నాడు.

అయిదోరోజు బాత్రూం తలుపు తీసేసరికి ఎదురుగా మేనేజరు, పెద్దావిడ, అరటిపళ్ళాయన నిలబడి ఉన్నారు. వాళ్ళ వెనక మైకమ్మ ఉంది.

"మీ బాధ మాకు తెలుసండీ" అన్నాడు మేనేజరు. "కానీ రోజూ గంటన్నర ఏడిస్తే ఎలా? తక్కిన రోగులు బెదిరిపోతున్నారు. ఇద్దరు గదులు ఖాళీ చేశారు."

"ఎవరు ఏడ్చారు?" అన్నాడు లిఫ్టాయన, మెడలో హెడ్‌ఫోన్లతో.

అందరూ ఆ హెడ్‌ఫోన్ల వైపే చూశారు. అప్పుడు ఆయనకు వెలిగింది. మూతపడింది తన చెవులే కానీ నోరు కాదు. గిటారుతో పాటు అయిదు రోజులుగా గొంతెత్తి పాడుతున్నాడు.

"దయచేసి ఎవరి గదులకు వారు వెళ్ళవలెను" అంది మైకమ్మ. ముగ్గురూ వరసలో వెళ్ళిపోయారు.

ఆమె మంచం మీద కూర్చుంది.

"మొదటిరోజు నేనూ ఏడుపే అనుకున్నాను. రెండోరోజు తలుపు దగ్గర నిలబడి విన్నాను. ఏడుపైతే అంత శ్రుతి తప్పదు. నా పాటేనని తెలిసింది."

"నువ్వు పరీక్షలకు వెళ్ళావు కదా?"

"పరీక్షలు మొదటిరోజు పొద్దున్నే అయిపోయాయి. నా పనులు నాకున్నాయి. ఇంతకీ ఈ వేషాలన్నీ ఎందుకు?"

"రేపటి తర్వాత నువ్వు పాడలేకపోతే..." అని లిఫ్టాయన నాలిక్కరుచుకున్నాడు.

"ఓహో. నా దగ్గర దాచారన్నమాట."

"డాక్టరు నాకొక్కడికే చెప్పాడే."

"కాగితం మీద సంతకం పెట్టింది నేను. చదవకుండా పెడతానా? మీకు చెప్పమని డాక్టరుగారిని పంపిందే నేను. ఊరందరికీ అన్నీ చెప్పే నోరు, మీకు ఆ మాట చెప్పలేకపోయింది."

లిఫ్టాయన మళ్ళీ బకెట్టు మీద కూలబడ్డాడు. దాచానని ఇన్నాళ్ళూ తను మోసిన బరువు, ఆమె తన నెత్తిన పెట్టించినదే. నవ్వు రాలేదు.

"నాకు భయంగా ఉందే" అన్నాడు.

"నాకూ అంతే" అంది మైకమ్మ. "రెండో చరణం మళ్ళీ వాయించండి. నోరు మూసుకుని."

ఆ సాయంత్రమంతా హెడ్‌ఫోన్లు ఆమె పెట్టుకుంది. ఎక్కడ తప్పిందో అక్కడ ఆయన మోకాలి మీద కొట్టి చెప్పింది. మోకాలు వాచింది.

మర్నాడు పొద్దున ఆపరేషన్ థియేటరు తలుపు దగ్గర ఆమె రాత్రి తీసుకున్న ఆయన ఫోను తిరిగి ఇచ్చింది. "లోపల ఒకటి పెట్టాను. నన్ను తీసుకెళ్ళాక వినండి" అంది. ఆ తర్వాత తలుపు మూసేశారు.

ఆయన బల్ల మీద కూర్చుని, గిటారు ఒళ్ళో పెట్టుకుని, ఫోను కలిపి, చెవులు మూసుకున్నాడు. మైకమ్మ అయిదు మధ్యాహ్నాలు ఆసుపత్రి మేడ మీద నిలబడి చేసిన పని ఆయన చెవిలో మొదలైంది.

"లిఫ్టాయన గారికి విజ్ఞప్తి. తెల్లబట్టలూ రంగుబట్టలూ విడివిడిగా నానబెట్టవలెను. బీపీ మాత్ర వేసుకున్నారో లేదో నన్ను అడగరాదు, డబ్బీలో చూసుకోవలెను. తడి తువ్వాలు మంచం మీద వేసినచో నేను మాట్లాడలేను కనుక, విసిరెదను."

అట్లాంటివి ముప్పై ఒక్కటి ఉన్నాయి. ఆయన కదలకుండా విన్నాడు. ఆఖరుదానికి ముందు గాలి చప్పుడు మాత్రం వినపడింది.

"ముఖ్య గమనిక. లోపలినుంచి ఏ గొంతు వచ్చినా అదే నా గొంతు. దాన్ని పాతదానితో పోల్చరాదు. ఇకమీదట గిటారే ఆ గొంతుకు శ్రుతి చేసుకోవలెను."

లిఫ్టాయన హెడ్‌ఫోన్లు తీశాడు. వచ్చే గొంతు బొంగురుగా, కింది శ్రుతిలో పలుకుతుందేమో ఆయనకు తెలియదు. అయినా మరలు తిప్పి ఆరు తీగల్నీ ఒక్కొక్కటిగా వదులు చేసి, తలుపు వైపు చూస్తూ కూర్చున్నాడు.